చిన్న కారుకు గీత గీసేది ఎవరు?

మారుతి సుజుకీ కారున్న మనిషిని కదిలిస్తే రెండు మాటలు వెంటవెంటనే వస్తాయి. "లీటరుకు ఇరవై పైనే ఇస్తుంది, పైసా ఖర్చు పెట్టించదు" అని గర్వంగా చెప్పిన నోటితోనే, కారు దిగి డోరు వేస్తూ "రేకు మాత్రం పల్చన" అని గొంతు తగ్గిస్తాడు. ఈ రెండు మాటలనూ కలిపి మనం ఒక బేరంగా ఒప్పేసుకున్నాం. పెట్రోలు ఆదా కావాలంటే గట్టిదనం మీద ఆశ వదులుకోవాలి, రెండూ కావాలంటే పెద్ద కారు కొనుక్కోవాలి. ఈ బేరం నిజం కాదన్నది నా వాదన. సుజుకీ చరిత్రను మొదటి నుంచి చూస్తే, ఆ కంపెనీ ఎప్పుడూ ప్రభుత్వం పన్ను నిబంధనలతో గీసిన గీతలో సరిగ్గా ఇమిడే కారునే తయారు చేసిందని తెలుస్తుంది. అందుకే మన చిన్న కార్ల బలహీనతకు జవాబు ఒక్క కంపెనీని అడిగితే సరిపోదు, గీత గీసిన ఢిల్లీని కూడా నిలదీయాలి.

జపాన్‌లోని హమామట్సు మగ్గాలకు పేరుపొందిన ప్రాంతం. వడ్రంగం నేర్చిన మిచియో సుజుకీ 1909లో అక్కడ మగ్గాల తయారీ మొదలుపెట్టాడు. ఆయన చేసిన తొలి మగ్గం తల్లి కోసమేనని చెబుతారు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత మగ్గాల వ్యాపారం దెబ్బతినడంతో ఆ కంపెనీ 1952లో సైకిలుకు 36 సీసీ ఇంజిన్ బిగించి రోడ్డెక్కించింది. 1955లో సుజులైట్ అనే బుల్లి కారు తెచ్చింది. దాని ఇంజిన్ 360 సీసీ. ఆ అంకె ఇంజినీర్లు ముచ్చటపడి ఎంచుకున్నది కాదు. కెయి కార్లు అని పిలిచే చిన్న కార్ల తరగతికి అప్పట్లో జపాన్ ప్రభుత్వం పెట్టిన గరిష్ఠ పరిమితి సరిగ్గా అంతే.

1979లో వచ్చిన ఆల్టో కథ ఇంకా ఆసక్తికరం. సుజుకీ ఇంటికి ఇల్లరికం వచ్చి ఇంటిపేరు మార్చుకున్న ఒసాము 1978లో కంపెనీ అధ్యక్షుడయ్యాడు. మరుసటి ఏడాదే 4,70,000 యెన్ల ధరకు ఆల్టోను మార్కెట్లో పెట్టి పోటీ కంపెనీలను ఉలిక్కిపడేలా చేశాడు. అంత చౌకగా ఎలా ఇవ్వగలిగాడంటే, ప్రయాణికుల కార్ల మీద ఉన్న పన్ను అప్పట్లో జపాన్‌లో వాణిజ్య వాహనాలకు లేదు. ఆల్టోను వాణిజ్య వాహనంగా నమోదయ్యే పద్ధతిలో రూపొందించి, ఆ మిగులును కొనేవాడి చేతిలో పెట్టాడు. పన్ను చట్టాన్ని అంత శ్రద్ధగా చదివి కారును తీర్చిన కంపెనీ మరొకటి నాకు కనిపించదు. ఇది నింద కాదు. చట్టం ఏం కోరితే అది, అత్యంత తక్కువ ఖర్చులో, పొల్లు పోకుండా చేసి చూపించే నేర్పు సుజుకీది. ఈ వ్యాసమంతా ఆ నేర్పు మీదే ఆధారపడి ఉంది.

మన దేశంలో తర్వాత జరిగింది పాఠకులకు తెలిసిందే. 1982 అక్టోబర్ 2న కేంద్ర ప్రభుత్వ సంస్థ మారుతితో ఒప్పందం, సుజుకీకి 26 శాతం వాటా, 1983 డిసెంబర్ 14న తొలి మారుతి 800 తాళాల అప్పగింత, 47,500 రూపాయల ధర. 2002లో యాజమాన్యం సుజుకీ చేతికి వచ్చింది. 2007 నాటికి ప్రభుత్వం పూర్తిగా తప్పుకుంది. 2024 డిసెంబర్ 25న ఒసాము సుజుకీ కన్నుమూస్తే, మన ప్రభుత్వం మరణానంతరం పద్మవిభూషణ్ ప్రకటించింది. ఆ గౌరవానికి ఆయన అన్ని విధాలా అర్హుడు.

యజమానుల అభిమానం కూడా ఊరికే వచ్చింది కాదు. హైదరాబాద్ నుంచి విజయవాడ వెళ్తూ నార్కట్‌పల్లి దాటాక పాత మారుతి 800 క్లచ్ కేబుల్ తెగిందనుకోండి. పక్క ఊళ్లో రేకుల షెడ్డు వేసుకున్న మెకానిక్ దగ్గర ఆ కేబుల్ గోడ మేకుకు వేలాడుతూ ఉంటుంది. లేకపోతే అరగంటలో తెప్పిస్తాడు. కారు కింద దూరి, గ్రీజు చేతులతో పాతది లాగేసి కొత్తది బిగించి, టీ చల్లారేలోపు తాళం చేతికిస్తాడు. బిల్లు వందల్లోనే ముగుస్తుంది. పిల్లల ఫీజులు, ఇంటి ఈఎంఐ, పెద్దల మందుల ఖర్చుల మధ్య కారు నడిపే కుటుంబానికి ఈ భరోసా ఎంత విలువైనదో, ఖరీదైన కార్ల మీద సమీక్షలు రాసేవారికి చాలాసార్లు అర్థం కాదు. అయిదారేళ్లు తిప్పి అమ్మినా రేటు పెద్దగా పడిపోదు. పాత కార్ల మార్కెట్లో ఏ బండికి బేరం త్వరగా తెగుతుందో అడిగి చూడండి. ఉద్యోగం వచ్చిన తొలి ఏడాది తండ్రిని పక్క సీట్లో కూర్చోబెట్టుకుని తిరుమల తీసుకెళ్లిన కొడుకులు మన ఊళ్లలో ఎందరో ఉన్నారు. వారిలో చాలామందికి ఆ తొలి కారు మారుతే.

అంత నమ్మకం పెట్టుకున్న మనిషికి ఎదురైన నిజం మాత్రం చేదుగా ఉంది. 2010లో యూరప్‌కు వెళ్లిన సుజుకీ స్విఫ్ట్ కార్లను గుద్దించి భద్రతకు నక్షత్రాలిచ్చే అక్కడి యూరో ఎన్‌క్యాప్ పరీక్షలో అయిదుకు అయిదు నక్షత్రాలు సాధించింది. 2014లో అలాంటి పరీక్షలే జరిపే గ్లోబల్ ఎన్‌క్యాప్ సంస్థ మన దేశపు స్విఫ్ట్‌ను, ఎయిర్‌బ్యాగులు లేని వేరియంట్‌ను, గంటకు 64 కిలోమీటర్ల వేగంతో అడ్డంకికి గుద్దించి చూస్తే పెద్దల రక్షణలో వచ్చింది సున్నా. పరీక్షా పద్ధతులు వేరు కావచ్చు, వేరియంట్లు వేరు కావచ్చు. పేరు ఒకటే, కంపెనీ ఒకటే. మారింది ఆ రెండు చోట్లా చట్టమూ మార్కెట్టూ అడిగిన ప్రశ్న మాత్రమే. అక్కడ గట్టిగా అడిగారు, ఇక్కడ అడగలేదు. డ్రైవరు ముందు ఒక్క ఎయిర్‌బ్యాగ్ తప్పనిసరి కావడానికే మన దేశంలో 2019 జులై దాకా ఆగవలసి వచ్చింది. 2022 చివర్లో, 2023లో కఠినమైన కొత్త పద్ధతిలో పరీక్షించినప్పుడు స్విఫ్ట్, ఇగ్నిస్, ఎస్-ప్రెసో, వ్యాగన్ఆర్ ఒక్కొక్క నక్షత్రం దగ్గరే ఆగిపోయాయి.

ఇక్కడే ఆ రేకు సంగతి తేల్చాలి. పాత కార్ల మార్కెట్లో కొనడానికి వచ్చినవాడు బానెట్ మీద వేలి కణుపులతో కొట్టి చూస్తాడు, డోరు గట్టిగా వేసి శబ్దం వింటాడు. ఆ శబ్దానికీ ప్రాణానికీ సంబంధం చాలా తక్కువ. కారు ముందుభాగం గుద్దుకున్నప్పుడు నలగాలి. అలా నలుగుతూ తాకిడి శక్తిని మింగాలి. నలగకూడనిది లోపల మనుషులు కూర్చునే గది. స్తంభాలు, అడుగు దూలాలు, డాష్‌బోర్డు వెనుక అడ్డకమ్మీ, ఇవన్నీ అధిక బలమున్న ఉక్కుతో చేసి ఒకదానికొకటి సరిగ్గా అతికించినప్పుడే ఆ గది నిలబడుతుంది. బయటి రేకు ఆ అస్థిపంజరానికి తొడిగిన చొక్కా లాంటిది. చొక్కా మందం చూసి ఎముకల బలం తెలియదు.

దీనికి రుజువు సుజుకీయే మన చేతికిచ్చింది. 2024 నవంబర్‌లో కొత్త డిజైర్ గ్లోబల్ ఎన్‌క్యాప్ పరీక్షలో పెద్దల రక్షణలో అయిదు, పిల్లల రక్షణలో నాలుగు నక్షత్రాలు సాధించింది. మనుషులు కూర్చునే భాగం చెక్కుచెదరని స్థితిలో ఉందని పరీక్షకులు తేల్చారు. ఆరు ఎయిర్‌బ్యాగులు అన్ని వేరియంట్లలోనూ ఉన్నాయి. ఇదే కారు మాన్యువల్ గేరుతో లీటరుకు 24.79 కిలోమీటర్లు ఇస్తుందని కంపెనీ ప్రకటించింది. రోడ్డు మీద అంత రాకపోవచ్చు, అది అన్ని కంపెనీల అంకెలకూ వర్తించే మాటే. అసలు విషయం ఏమిటంటే మైలేజీ, నక్షత్రాలు ఒకే కారులో, నాలుగు మీటర్ల లోపు పొడవులో, మధ్యతరగతి కొనగలిగే ధరలో కలిసి వచ్చాయి. నలభై ఏళ్లుగా మనకు చెప్పిన బేరం ఆ ఒక్క పరీక్షతో కూలిపోయింది. శంషాబాద్ విమానాశ్రయం బయట వరుసగా నిలబడే డిజైర్ ట్యాక్సీలను చూసినప్పుడల్లా నాకు ఒకటే అనిపిస్తుంది. ఇది సాధ్యమే అయినప్పుడు ఇన్నేళ్లు ఎందుకు ఆగాం?

పిండి కొద్దీ రొట్టె అని వాదించేవారున్నారు, వారి వాదనలో బలం ఉంది. 2022లో మన రోడ్ల మీద చనిపోయిన 1,68,491 మందిలో 44.5 శాతం ద్విచక్ర వాహనాలపై ఉన్నవారే. భార్యాభర్తలు, ఇద్దరు పిల్లలు ఒకే బైకు మీద వెళ్లడం కంటే రెండు నక్షత్రాల ఆల్టోలో వెళ్లడం మేలే. ధర పెంచితే ఆ కుటుంబం బైకు మీదే ఉండిపోతుందని మారుతి ఛైర్మన్ ఆర్‌సీ భార్గవ 2022లో ఆరు ఎయిర్‌బ్యాగుల నిబంధనపై చర్చ జరిగినప్పుడు వాదించారు. కానీ 2025లో అదే కంపెనీ ఆల్టో కె10, సెలేరియో, వ్యాగన్ఆర్, ఈకోలకు ఆరు ఎయిర్‌బ్యాగులు తప్పనిసరిగా ఇస్తున్నట్టు ప్రకటించింది. కొనేవాళ్లు కనుమరుగు కాలేదు. చేయలేమన్న పని మూడేళ్లలో చేసి చూపించారంటే, అడ్డం పడింది ధర ఒక్కటే కాదన్నమాట.

అడ్డం పడింది గీత. జపాన్ 1998 అక్టోబర్‌లో ఏం చేసిందో చూడండి. గుద్దుకున్నప్పుడు కెయి కార్లు ప్రమాదకరంగా ఉన్నాయని గుర్తించి, ప్రభుత్వం చిన్న కారు నిర్వచనాన్నే మార్చింది. పొడవును 3.3 నుంచి 3.4 మీటర్లకు, వెడల్పును 1.40 నుంచి 1.48 మీటర్లకు పెంచింది. నలగడానికి ముందు భాగంలో, పక్క నుంచి తాకిడి తగిలితే తట్టుకోవడానికి తలుపుల్లో కాస్త చోటు దొరికింది. పన్ను రాయితీ పోలేదు, కారు చిన్నదిగానే ఉంది, లోపలి మనిషికి మాత్రం ఒక అవకాశం పెరిగింది. ఎనిమిది సెంటీమీటర్ల వెడల్పు గురించి ఒక ప్రభుత్వం అంత ఆలోచించింది.

మన ప్రభుత్వం 2006లో చిన్న కారుకు నిర్వచనం రాసింది. పొడవు నాలుగు మీటర్లు దాటకూడదు, పెట్రోలు ఇంజిన్ 1200 సీసీ, డీజిల్ 1500 సీసీ మించకూడదు. అలా ఉంటే ఎక్సైజ్ సుంకం 24 నుంచి 16 శాతానికి తగ్గుతుంది. లోపల కూర్చున్నవాడి గురించి ఆ నిర్వచనంలో ఒక్క ముక్క లేదు. ఫలితం 2012 డిజైర్‌లో కనిపించింది. అంతకుముందు 4.16 మీటర్లున్న కారును, డిక్కీని కత్తిరించి 3.995 మీటర్లకు తెచ్చారు. అర సెంటీమీటరు మిగిల్చి మరీ గీతలోకి దూర్చారు. ఆల్టోను 1979లో పన్ను చట్టానికి కొలిచి కుట్టిన చెయ్యే ఇది. టేపు పెట్టి డిక్కీ కొలవమంటే కొలిచింది. అదే చట్టం మూడు నక్షత్రాలు ఉంటేనే రాయితీ అని ఉంటే, అదే చెయ్యి 2012లోనే ఆ మూడు నక్షత్రాలను కూడా పొల్లు పోకుండా తెచ్చి ఉండేదని నేను గట్టిగా నమ్ముతున్నాను.

ఎంపిక కొనేవాడికే వదిలేయాలంటే నేను ఒప్పుకోను. కార్ల అలంకరణ సామగ్రి దుకాణంలో ఒకసారి గాజు బల్ల కింద వరుసగా పేర్చిన ఇనుప నాలుకలు చూశాను. బెల్టు పెట్టుకోకుండానే అలారం మోగకుండా సీటు బకిల్‌లో దూర్చే క్లిప్పులవి, మీద కార్ల కంపెనీల గుర్తులు మెరుస్తున్నాయి. వాటి అమ్మకం ఆపాలని 2023లో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ అయిదు ఆన్‌లైన్ సంస్థలను ఆదేశించవలసి వచ్చింది. తన ప్రాణం కాపాడే గంట నోరు తానే నొక్కే మనిషి, అప్పు చేసి కారు కొనే రోజున ఎయిర్‌బ్యాగ్ కోసం అదనంగా డబ్బు పెడతాడని ఆశించడం అన్యాయం. ఇదే నన్ను ఎక్కువగా బాధిస్తుంది. ఎన్నో ఏళ్లు మన షోరూముల్లో బేస్ వేరియంట్ కొన్నవాడికి ఎయిర్‌బ్యాగ్ లేదు, టాప్ మోడల్ కొన్నవాడికి ఉంది. ఒకే కారు, ఒకే రోడ్డు, ఒకే లారీ ఎదురుగా వస్తుంది. ప్రాణానికి కూడా వేరియంట్లు పెట్టిన ఆ పద్ధతిని చట్టం చూస్తూ ఊరుకుంది. తక్కువ డబ్బున్నవాడికి తక్కువ రక్షణ చాలన్న ఆలోచన కార్లతో ఆగలేదు. కూలీలను ఎక్కించుకుపోయే ట్రాలీ ఆటోలో, పిల్లల్ని కుక్కి తీసుకెళ్లే బడి ఆటోలో రోజూ కనిపించేది అదే.

2025 సెప్టెంబర్ 22 నుంచి చిన్న కార్ల మీద జీఎస్టీ 18 శాతానికి తగ్గింది. సెస్సుతో కలిపి చూస్తే పన్ను రేటులో దాదాపు పదకొండు పాయింట్లు తగ్గాయి, సంతోషించాల్సిందే. ఆ రాయితీ పొందడానికి షరతు మళ్లీ అదే టేపు, అదే సీసీ. 2023 అక్టోబర్ నుంచి భారత్ ఎన్‌క్యాప్ పేరుతో మన సొంత పరీక్ష అమల్లో ఉన్నా, దానికి వెళ్లాలా వద్దా అన్నది కంపెనీ ఇష్టం. ఇప్పుడు ఇంధన పొదుపు నిబంధనల్లో కూడా తేలికపాటి చిన్న కార్లకు ప్రత్యేక సడలింపు కావాలని మారుతి కోరుతోంది. ఇవ్వండి, చిన్న కారు బతకాలి. కానీ జీఎస్టీ రాయితీకైనా, ఈ సడలింపుకైనా భారత్ ఎన్‌క్యాప్‌లో కనీసం మూడు నక్షత్రాలు, అదీ బేస్ వేరియంట్‌తో సహా, షరతుగా పెట్టండి. కంపెనీలకు రెండేళ్లు గడువివ్వండి. డిజైర్‌ను అయిదు నక్షత్రాలకు తెచ్చిన ఇంజినీర్లకు ఆల్టోను మూడింటికి తేవడానికి అంతకంటే ఎక్కువ కాలం పట్టదు.