తెల్లగా కనబడిందల్లా పంది కాదు

ఈ వారంలో ఆ మెసేజ్ నాకు రావడం ఇది నాలుగోసారి. "పొగమంచైనా వానైనా థర్మల్ స్కోప్ ముందు అడవి పంది దాక్కోలేదు. 1800 మీటర్ల దాకా కనబడుతుంది. తెల్లగా మెరిసిందంటే పందే, ఇక ఆలోచించక్కర్లేదు. చలేస్తే ట్రక్కు అద్దాలు బిగించుకుని లోపల్నుంచే వెతకొచ్చు. టెక్సస్‌లో లైసెన్సు కూడా అక్కర్లేదు." థర్మల్ స్కోప్ అంటే తుపాకీ మీద బిగించే దుర్భిణి. వెలుతురు కాదు, వేడిని చూస్తుంది. వేడిగా ఉన్నది తెర మీద తెల్లగా కనబడుతుంది. పంపినవాళ్ళంతా నాకు కావలసినవాళ్ళు. డల్లాస్ చుట్టుపక్కల ఉద్యోగాలు చేసుకుంటూ, శనివారం రాత్రి తెలిసినవాళ్ళ రాంచ్‌కి (పశువుల్ని పెంచే పెద్ద కమతానికి) పందుల వేటకు వెళ్ళే కుర్రాళ్ళు. అందుకే ఊరుకోలేకపోతున్నాను.

అద్దం సంగతి ఒక్క మాటలో తేలిపోతుంది. థర్మల్‌కి గాజు గోడతో సమానం. దాన్లోంచి చూస్తే గాజు వేడే కనబడుతుంది తప్ప అవతలున్న పంది కాదు. ఆ స్కోపు ముందు లెన్సుని గాజుతో కాక, వేడిని లోపలికి రానిచ్చే జెర్మేనియం అనే మూలకంతో చేసేది అందుకే.

లైసెన్సు. ప్రైవేటు స్థలంలో, యజమాని ఒప్పుకుంటే, అడవి పందికి 2019 సెప్టెంబరు నుంచి టెక్సస్ వేట లైసెన్సు అడగడం లేదు, నిజమే. కానీ మనలో చాలామంది హెచ్-1బి మీద ఉన్నారు. అలాంటి వీసా మీద ఉన్నవాళ్ళ దగ్గర తుపాకీ ఉండకూడదని ఫెడరల్ చట్టం. చేతిలో చెల్లే వేట లైసెన్సు ఉండటం అందులో ఒక మినహాయింపు. రాష్ట్రం అడగలేదు కదా అని మానేస్తే ఆ మినహాయింపూ పోతుంది. ఈ ఒక్క ముక్క నమ్మి ఎవరి వీసా మీదకి తెస్తారో!

ఇక పొగమంచు. థర్మల్ పట్టేది సుమారు 8 నుంచి 14 మైక్రాన్ల (మిల్లీమీటరులో వెయ్యో వంతు ఒక మైక్రాను) పొడవున్న వేడి తరంగాల్ని. పొగ రేణువులు అంతకంటే బాగా చిన్నవి కాబట్టి పొగలోంచి చక్కగా చూస్తుంది. పొగమంచు బిందువులు ఇంచుమించు ఆ తరంగాలంతే ఉంటాయి, కొన్ని ఇంకా పెద్దవి. పంది ఒంటినుంచి బయల్దేరిన వేడిని అవి దారిలోనే మింగేసి, చెదరగొట్టేస్తాయి. పల్చటి మంచులో కంటికంటే థర్మల్ నయమే. చిక్కబడిందా, రెండూ ఒకటే.

వానలో ఇంకో తంటా. గడ్డీ, మట్టీ, రాయీ, జంతువు వెంట్రుకా అన్నీ తడిసి ఒకే చల్లదనానికి వస్తాయి. వేడిలో తేడా ఉంటేనే బొమ్మ, తేడా పోతే తెరంతా బూడిద. పైగా లెన్సు మీద నీటి పొర. మొన్న డిసెంబరు తుంపరలో నా స్కోపు మీద ఒక్క చుక్క పడి జారింది. జారిన మేర తెర మీద కంచె స్తంభాలు అలికేసినట్టయ్యాయి. పొడి మెత్తటి గుడ్డతో అద్దితే తిరిగి వచ్చాయి. నీరు ఆ తరంగాల్ని అంతగా పీల్చేసుకుంటుంది.

ఒక్కటి మాత్రం ఒప్పుకోవాలి. వాన వెలిసిన రాత్రి, మబ్బు పట్టి ఉంటే, ఎండ కాసిన రోజు రాత్రికంటే థర్మల్ బాగా పనిచేస్తుంది. పగలంతా కాగిన రాళ్ళూ, ఇనుప తొట్లూ వెలగవు. ఒళ్ళారిన పంది ఒక్కటే స్పష్టంగా తేలుతుంది. "చెడు వాతావరణమే మంచిది" అని ఎవరైనా వాదిస్తే, ఈ ఒక్క సందర్భంలో నేనూ వాళ్ళ పక్షమే.

కానీ ఆ "తెల్లగా మెరిసిందంటే పందే" అన్న మాట రాసినవాణ్ణి నేను క్షమించలేను. అడ్డంగా 640 పిక్సెళ్ళు, అంటే బొమ్మలోని చుక్కలు, ఉన్న సెన్సారు, ఒక్కో పిక్సెల్ 12 మైక్రాన్లు, 35 మిల్లీమీటర్ల లెన్సు తీసుకుని లెక్కేయండి. 1000 మీటర్ల దూరంలో ఒక్కో పిక్సెల్‌లో 34 సెంటీమీటర్లు పడతాయి. 75 సెంటీమీటర్ల ఎత్తున్న పంది అంటే నిలువునా రెండు చుక్కలు. 1800 మీటర్లంటే "అక్కడ ఏదో ఉంది" అని తెలిసే దూరం, అది కూడా నిలబడ్డ మనిషంత ఎత్తుకి. ఏమిటో తెలిసే దూరం కాదు. 300 మీటర్లలో ఆ పంది ఏడు చుక్కలు. దూడా ఏడే. ఒంగుని కంచె తీగ బిగిస్తున్న మనిషీ ఇంచుమించు అంతే. జూమ్ చేస్తే ఆ చుక్కలే పెద్దవవుతాయి, కొత్తవి పుట్టవు. ఇది ఆకాశం నిర్మలంగా ఉన్నప్పటి లెక్క. మంచులో అంచులన్నీ కరిగిపోయాక ఇంకేం మిగులుతుంది? తెల్లనివన్నీ పాలు, నల్లనివన్నీ నీళ్ళు అనుకోవద్దని చిన్నప్పుడే చెప్పారు మనకు. తుపాకీ పట్టుకున్న చేతికి ఎవరు చెప్పాలి?

పోయిన జనవరిలో తెల్లవారుజామున, పొగమంచులో, నీటిగుంట పక్కన ఒక తెల్లటి ముద్ద కనబడింది. "పందే అన్నా, పందే" అన్నాడు నా పక్కనున్న తమ్ముడు. వేలు ట్రిగ్గర్ మీదకి పోతోంది. తుపాకీ కిందికి దించమన్నాను. అలాగే కూర్చున్నాం. పొగమంచు పల్చబడేసరికి ఏడున్నర దాటింది. ఆ ముద్ద ముందు వెనక కాళ్ళ మీద లేచి, తర్వాత ముందు కాళ్ళు లేపి, ఒళ్ళు దులుపుకుంది. రాంచ్ ఆయన దూడ. దాని వెనకే, కంచె అవతల, ఆయన ఇల్లు.

నిన్న ఈ మెసేజ్ పంపింది ఆ తమ్ముడే. ఆ పొద్దున నాతోపాటు నువ్వూ చూశావు కదరా. మరి ఆ వాక్యం తీసేయకుండా నలుగురికి ఎలా పంపావు?