హక్కుకు అర్జీలెందుకు?

సెమిస్టర్ పరీక్షలు దగ్గరపడగానే తోటి విద్యార్థులు పుస్తకాలు ముందేసుకుని కూర్చుంటే, చూపులేని విద్యార్థి మాత్రం తాను చెప్పే జవాబులను పరీక్షలో రాసిపెట్టే స్క్రైబు కోసం తిరగడం మొదలుపెడతాడు. ఆ వచ్చే మనిషి తనకంటే కింది తరగతి చదువుతున్నవాడై ఉండాలి. అయినా తాను చెప్పే శాస్త్ర పదాలను తప్పుల్లేకుండా రాయగలగాలి. పైగా ఆ పూట అతనికి సొంత పరీక్ష ఏదీ ఉండకూడదు. వెతగ్గా వెతగ్గా దొరికితే, ప్రిన్సిపాల్ సంతకానికి ఒకరోజు, విశ్వవిద్యాలయ పరీక్షల విభాగం అనుమతికి మరో రెండు రోజులు పోతాయి. మరుసటి సెమిస్టరుకు అదే అర్జీ, అవే జతపత్రాలు, అదే వరుసలో నిలబడటం. మూడేళ్లలో ఆరుసార్లు తనకు చూపు లేదని ఒకే కార్యాలయానికి రుజువు చేసుకోవలసి రావడాన్ని పరిపాలనాపరమైన జాగ్రత్త అని మేము అనలేము.

చట్టం ఈ పద్ధతిని కోరలేదు. 2016లో పార్లమెంటు ఆమోదించిన వికలాంగుల హక్కుల చట్టం 2017 ఏప్రిల్ 19 నుంచి అమల్లో ఉంది. అంతకుముందున్న 1995 చట్టం ఏడు రకాల వైకల్యాలను గుర్తిస్తే, ఇది ఆ సంఖ్యను 21కి పెంచింది. చదవడం, రాయడంలో ఎదురయ్యే నిర్దిష్ట అభ్యసన వైకల్యాలూ, ఆటిజమ్, హీమోఫీలియా, సికిల్ సెల్ వ్యాధి, పార్కిన్సన్స్ వంటివీ ఇప్పుడు అందులో ఉన్నాయి. ఇతరులతో సమానంగా హక్కులను అనుభవించడానికి అవసరమైన మార్పులు చేయడాన్ని అది సహేతుకమైన వెసులుబాటు అంది. సంస్థపై మోయలేని భారం పడే సందర్భం ఒక్కదాన్నే మినహాయించింది. భారతదేశం 2007లోనే ధ్రువీకరించిన ఐక్యరాజ్యసమితి వికలాంగుల హక్కుల ఒడంబడిక నుంచి వచ్చిన భావన ఇది. ఇందులో దయకు గానీ దాతృత్వానికి గానీ చోటు లేదు. సర్కారు వారు వికలాంగులు అనే మాటను తీసేసి దివ్యాంగులు అనే మాట తెచ్చారు గానీ, పేరు మారినంత తేలిగ్గా మెట్ల పక్కన ర్యాంపు మొలవలేదు.

అయితే లోపం అధికారులది మాత్రమే అనడం సరికాదు. కొంత చట్టంలోనే ఉంది. ప్రభుత్వ నిధులు గానీ గుర్తింపు గానీ పొందిన అన్ని విద్యాసంస్థలూ వికలాంగులను కలుపుకొని బోధించేలా చూడాలనీ, ఒక్కొక్కరి అవసరాన్నిబట్టి వెసులుబాట్లు కల్పించాలనీ చెప్పే 16వ సెక్షన్, ఆ పని జరిగేలా ప్రభుత్వాలు ‘ప్రయత్నించాలి’ అని మాత్రమే అంది. చట్టంలో ఆ ఒక్క క్రియాపదం ఎంత వెసులుబాటు ఇచ్చిందో, ఎవరికి ఇచ్చిందో అందరికీ తెలిసిందే. ఉన్నత విద్యలో సీట్ల రిజర్వేషన్‌ను మూడు నుంచి కనీసం ఐదు శాతానికి పెంచిన 32వ సెక్షన్ కూడా ప్రభుత్వ, ఎయిడెడ్ సంస్థల దగ్గరే ఆగిపోయింది. ఎయిడ్ తీసుకోని ప్రైవేటు కళాశాలలో చేరిన వికలాంగ విద్యార్థికి సీటు తన మార్కులతోనో తల్లిదండ్రుల డబ్బుతోనో వస్తుంది. ఆ తరవాత గది మూడో అంతస్తులో ఉందని తెలుస్తుంది.

వైకల్యం నలభై శాతం, ఆపైన ఉన్నవారినే రిజర్వేషన్ వంటి కొన్ని ప్రత్యేక ప్రయోజనాలకు అర్హులుగా చట్టం పేర్కొంది. ఆ గీత అక్కడికే పరిమితం. కానీ పరీక్షల నిర్వాహకులు దాన్ని అన్నిటికీ వర్తింపజేసి, వైకల్య శాతాన్ని తెలిపే సదరం ధ్రువపత్రంలో అంకె ముప్పై తొమ్మిదైతే స్క్రైబు లేడనేవారు. చేతివేళ్లు బిగుసుకుపోయి రాయలేని ఒక సివిల్స్ అభ్యర్థి ఈ వాదనను సుప్రీంకోర్టు దాకా తీసుకెళ్లాడు. నలభై శాతం షరతును వెసులుబాట్లకు ముడిపెట్టడం చెల్లదని 2021 ఫిబ్రవరి 11న తీర్పు వచ్చింది. దానిని అనుసరించి కేంద్రం 2022 ఆగస్టులో, నలభై శాతం కంటే తక్కువ వైకల్యం ఉండి రాయడంలో ఇబ్బంది పడేవారి కోసం విడిగా మార్గదర్శకాలు వెలువరించింది. గంటకు ఇరవై నిమిషాలకు తగ్గకుండా అదనపు సమయం ఇవ్వాలన్న నియమం అంతకుముందే, 2018 నాటి మార్గదర్శకాల్లోనే ఉంది.

కాగితం మీద ఇంత స్పష్టత ఉన్నా ఏం జరిగిందో ఆ తీర్పు వచ్చిన 2021లోనే చూశాం. రాయడంలో వైకల్యమున్న ఒక విద్యార్థిని వైద్య ప్రవేశ పరీక్షకు కూర్చుంటే, ఆమెకు రావలసిన అదనపు గంట ఇవ్వకుండానే జవాబు పత్రం లాగేసుకున్నారు. మళ్లీ పరీక్ష పెట్టమనలేకపోయిన సుప్రీంకోర్టు, జరిగిన అన్యాయాన్ని సరిదిద్దే మార్గం చూడాలని నిర్వాహక సంస్థను ఆదేశించింది. కేంద్రాల్లో పనిచేసే సిబ్బందికి ఎప్పటికప్పుడు శిక్షణ ఇవ్వాలని కూడా చెప్పింది. మా దృష్టిలో ఆ తీర్పులో కీలకమైన భాగం ఈ శిక్షణ మాటే. హక్కును నిరాకరించేది చాలాసార్లు ప్రభుత్వ విధానం కాదు, ఆ పూట ఆ గదిలో ఉన్న ఇన్విజిలేటర్. నియమం తెలియని ఆ మనిషి, అనుమానం వస్తే ‘కుదరదు’ అనడమే తనకు క్షేమమనుకుంటాడు. వైద్యవిద్య ప్రవేశాలపై 2024 అక్టోబరులో వచ్చిన తీర్పు మరో అడుగు ముందుకు వేసింది. వైకల్యం శాతాన్ని మాత్రమే చూపి సీటు నిరాకరించరాదనీ, ఆ అభ్యర్థి కోర్సు పూర్తి చేయగలడా లేదా అన్నది వైకల్యాన్ని అంచనా వేసే బోర్డు పరిశీలించి చెప్పాలనీ స్పష్టం చేసింది.

కోర్టులకెక్కే వివాదాల్లో చాలావరకు పరీక్షలవే కావడంతో, వెసులుబాటు అంటే స్క్రైబూ అదనపు సమయమూ అన్న అభిప్రాయం కళాశాలల్లో స్థిరపడిపోయింది. పరీక్ష ఏడాదికి ఇరవై రోజులు. మిగిలిన రోజుల మాటేమిటి? అధ్యాపకుడు వాట్సాప్ బృందంలో పెట్టే నోట్సు చాలాసార్లు కాగితాలను ఫోనుతో తీసిన బొమ్మల పీడీఎఫ్. చూపులేని విద్యార్థి కంప్యూటర్లో, తెర మీది అక్షరాలను చదివి వినిపించే స్క్రీన్ రీడర్‌కు అది ఖాళీ పుట. తెలుగు మాధ్యమంలో చదివేవారి సంకటం ఇంకా పెద్దది. డీటీపీలో, కంప్యూటర్లన్నీ ఒకేలా గుర్తించే యూనికోడ్ పద్ధతి కాని పాత ఫాంట్లతో కూర్చిన పాఠాన్ని స్క్రీన్ రీడర్ చదవబోతే, వినిపించేది తెలుగు కాదు, అర్థంలేని ఇంగ్లిష్ అక్షరాల కలగాపులగం. ఈ దోషంలో తెలుగు ప్రచురణరంగం మొత్తానికీ వాటా ఉంది. పత్రికలమైన మేమూ అందుకు మినహాయింపు కాము. అంధులకు పనికొచ్చే ప్రతులు తయారుచేసుకోవడానికి కాపీరైటు అడ్డం కాకుండా 2012లోనే చట్టాన్ని సవరించి, అదే ఉద్దేశంతో కుదిరిన మరాకేష్ ఒప్పందాన్ని 2014లో ప్రపంచంలో అందరికంటే ముందు ధ్రువీకరించిన దేశం మనది. అలాంటి దేశంలో డిగ్రీ పాఠ్యపుస్తకం యూనికోడ్ ప్రతి కోసం విద్యార్థి ప్రచురణకర్తను బతిమాలుకోవలసి వస్తోంది.

ప్రయోగశాలల సంగతి మరీ విచిత్రం. చూపులేనివారికి సైన్స్ ఎందుకన్న ప్రశ్న ఒకప్పుడు నియమంగానే ఉండేది. నేడు పారిశ్రామికవేత్తగా అందరికీ తెలిసిన, చూపులేని బొల్లా శ్రీకాంత్ పదో తరగతి తరవాత సైన్స్ చదవడానికి న్యాయపోరాటం చేయవలసి వచ్చింది. ఆ పిమ్మట ఆయనకు అమెరికాలోని ఎంఐటీ విశ్వవిద్యాలయం తలుపులు తెరిచింది. ఆ విజయగాథను వేదికలమీద చెప్పుకునే మనం, అదే కోరికతో అదే వయసులో కోర్టుకు వెళ్లలేక వేరే గ్రూపులో చేరిపోయినవారు ఎందరో లెక్క వేసుకోలేదు.

కంటికి కనిపించని వైకల్యాల విషయంలో అనుమానమే మొదటి స్పందన అవుతోంది. సికిల్ సెల్ నొప్పులతో నెలలో వారం ఆసుపత్రి పాలయ్యే విద్యార్థినికి స్క్రైబు అక్కర్లేదు, ర్యాంపు అక్కర్లేదు. హాజరు నిబంధనలో సడలింపు, పోయిన ప్రాక్టికల్ మళ్లీ చేసుకునే వీలు చాలు. చదవడంలో ఇబ్బంది కలిగించే డిస్‌లెక్సియా ఉన్న కుర్రవాడు బడిలో బోర్డు ఇచ్చిన వెసులుబాట్లతో గట్టెక్కి, కళాశాలలో చేరగానే అవన్నీ పోగొట్టుకుంటాడు. వైకల్యం పన్నెండో తరగతితో పూర్తయ్యే కోర్సు కాదన్న సంగతి మన విశ్వవిద్యాలయాలు ఇంకా గ్రహించినట్లు లేదు.

అదనపు సమయం మిగతావారికి అన్యాయం కాదా అని అడిగేవారున్నారు. జవాబును తలలో కూర్చుకుని, మాటమాటా చెప్పి, రాసినదాన్ని చదివించుకుని దిద్దించడానికి పట్టే సమయాన్ని ఒకసారి స్వయంగా కొలిచి చూసుకుంటే వారికే తెలుస్తుంది. నకిలీ ధ్రువపత్రాల బెడద నిజమే. దానికి 91వ సెక్షన్ రెండేళ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా విధించింది. దొంగను పట్టుకునే ఆ పనిని అర్హులందరినీ అనుమానించడంగా మార్చనక్కర్లేదు. ఖర్చు వాదన ఇంకా బలహీనం. పాఠాన్ని యూనికోడ్‌లో టైపు చేయడానికి, తరగతిని కింది అంతస్తుకు మార్చడానికి, బోర్డు మీద రాసేది పైకి చదువుతూ రాయడానికి బడ్జెట్ కేటాయింపులు అవసరం లేదు.

భవనాల విషయంలో మాత్రం డబ్బు కావాలి, గడువూ కావాలి. ప్రజలు వినియోగించే పాత భవనాలను ఐదేళ్లలో అందరికీ అనువుగా మార్చాలన్న నిబంధన గడువు 2022లోనే తీరిపోయింది. ఈ చట్టం కింద చేసిన నియమాల్లో, అనువైన నిర్మాణ ప్రమాణాలను సిఫారసులుగానే వదిలేసిన 15వ నియమం చట్టానికే విరుద్ధమని 2024 నవంబరు 8న సుప్రీంకోర్టు కొట్టివేసి, తప్పనిసరి ప్రమాణాలు రూపొందించాలని కేంద్రాన్ని ఆదేశించింది. ఆ తీర్పుకు ఆధారమైన నివేదికను తయారుచేసింది హైదరాబాద్‌లోని నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయ పరిశోధకులే. నియమాలు లేని చట్టం ఎలా పడి ఉంటుందో అమెరికా అనుభవమూ చెబుతుంది. అక్కడ వికలాంగుల కోసం 1973లో చేసిన చట్టానికి నియమాలు రావడానికి 1977 ఏప్రిల్ దాకా పట్టింది, అదీ వికలాంగులు శాన్ ఫ్రాన్సిస్కోలోని ప్రభుత్వ భవనంలో వారాల తరబడి బైఠాయించిన తరవాతే.

రాష్ట్ర ప్రభుత్వాలు, విశ్వవిద్యాలయాలు వచ్చే ప్రవేశాలలోపు చేయగలిగిన పని ఒకటుంది. ప్రవేశ దరఖాస్తులోనే ‘మీకు ఏ వెసులుబాట్లు కావాలి’ అన్న ప్రశ్న చేర్చి, ఒక్కసారి ధ్రువపత్రం చూసి, కోర్సు ముగిసేవరకూ చెల్లే ఉత్తర్వు ఇవ్వాలి. ఆ ఉత్తర్వు అధ్యాపకులకూ, పరీక్షల విభాగానికీ, ఇన్విజిలేటర్‌కూ కళాశాలే చేర్చాలి. విద్యార్థి దాన్ని చేతపట్టుకుని గది గదికీ తిరిగే అగత్యం ఉండకూడదు. స్క్రైబుల జాబితాను విశ్వవిద్యాలయమే సిద్ధం చేసి, వారికి పారితోషికం ఇవ్వాలి. అఫిలియేషన్ పునరుద్ధరణకు ఏటా వచ్చే తనిఖీ బృందాలు ప్రయోగశాలలో పరికరాలనూ, గ్రంథాలయంలో పుస్తకాలనూ లెక్కపెడుతున్నాయి. ఆ కళాశాలలో చేరిన వికలాంగ విద్యార్థులెందరు, వారిలో ఎందరికి ఈ ఉత్తర్వు అందింది, ఎందరు మధ్యలో మానేశారు అనే మూడు అంకెలను కూడా ఆ నివేదికలో రాయించాలి.