రోగి వివరాలకు రక్షణ ఏది?

పాలమూరు నుంచి పని కోసం ముంబయి, పుణె వెళ్లే కుటుంబాల్లో ఎవరికైనా జబ్బు చేస్తే, అక్కడి డాక్టరుకు చూపించడానికి పాత చీటీ ఒక్కటీ ఉండదు. ఏ మందు పడదో, ఏ పరీక్ష ఎప్పుడు చేయించారో గుర్తున్నంత మేరకు నోటితో చెప్పుకోవాల్సిందే. మర్రిగూడ, మునుగోడు ప్రాంతాల్లో ఫ్లోరైడ్ నీళ్లు తాగి ఎముకలు వంగిపోయినవారి పరిస్థితీ అంతే. ఏళ్ల తరబడి తీయించుకున్న ఎక్స్‌రేలు ఎక్కడ పోయాయో వారికే తెలియదు. రోగి వివరాలను కంప్యూటర్లో, ఫోనులో నమోదు చేసి వైద్యానికి వాడుకునే ఈ-ఆరోగ్యం మొట్టమొదట అక్కరకు రావలసింది ఇలాంటివారికి. అందుకే మేము దాన్ని మనసారా స్వాగతిస్తున్నాము. అందుకే దానికి గట్టి చట్టం కావాలని కూడా అడుగుతున్నాము.

సమాచార సాంకేతికతను ఆరోగ్య రంగంలో తక్కువ ఖర్చుతో, భద్రంగా వినియోగించడమే ఈ-ఆరోగ్యమని 2005లో ప్రపంచ ఆరోగ్య సభ తీర్మానించింది. ఫోనులో డాక్టరు సలహా, ఆసుపత్రి కంప్యూటర్లోని రోగి చరిత్ర, ఆశా కార్యకర్త ఫోనులో నమోదు చేసే గర్భిణి వివరాలు, అన్నీ దీని కిందికే వస్తాయి. ఖర్చు తగ్గించే మాట మన ప్రభుత్వాలకు బాగానే వినిపించింది. భద్రత మాటే వెనకబడింది. ఆరోగ్య సమాచార భద్రత కోసం కేంద్రం 2018లో ఒక ప్రత్యేక చట్టం ముసాయిదా సిద్ధం చేసింది. అది చట్టం కాకుండానే ఆగిపోయింది. రోగి ఆరోగ్య వివరాలను ఒకచోట ముడివేసే 14 అంకెల ఆభా సంఖ్యతో, ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్ అనే కేంద్ర పథకం 2021 సెప్టెంబరులో దేశమంతటా మొదలైంది. దానికి ఆధారం 2020 డిసెంబరులో ఆమోదించిన ఒక విధానపత్రం మాత్రమే. విధానపత్రాన్ని ప్రభుత్వం తలచుకున్నప్పుడు మార్చుకోవచ్చు. చట్టాన్ని అలా మార్చడం కుదరదు.

నియంత్రణ అసలే లేదని మేము అనడం లేదు. లాక్‌డౌన్ మొదలైన 2020 మార్చి 25నే వెలువడిన టెలిమెడిసిన్ (దూరం నుంచి వైద్యం) మార్గదర్శకాలు శ్రద్ధగా రాసినవి. మత్తుమందుల తరగతికి చెందినవాటిని ఫోనులో రాయకూడదని, కృత్రిమ మేధ తనంతట తాను రోగికి మందు సూచించకూడదని అవి స్పష్టం చేశాయి. రోగే స్వయంగా డాక్టరుకు ఫోను చేస్తే సమ్మతి ఉన్నట్టే లెక్క. ఆరోగ్య కార్యకర్త ఫోను కలిపితే మాత్రం రోగి తన సమ్మతిని విడిగా చెప్పాలి. పల్లె దవాఖానాలో ఏఎన్‌ఎం ఎదుట కూర్చున్న వృద్ధుడికి ఈ హక్కు ఉందని ఎవరైనా చెబుతున్నారా?

వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం 2023లో వచ్చింది. దాని నియమాలు 2025 నవంబరులో వెలువడ్డాయి. ముఖ్యమైన బాధ్యతలకు 18 నెలల గడువు ఇచ్చారు. 2011 నాటి ఐటీ నిబంధనలు రోగి చరిత్రను సున్నితమైన సమాచారంగా గుర్తించి వేరుగా ఉంచాయి. కొత్త చట్టంలో ఆ విభజన లేదు. చెప్పుల దుకాణానికి ఇచ్చిన ఫోను నంబరు, క్షయ పరీక్ష ఫలితం అందులో ఒకే తరగతి. వివరాలను కాపాడలేని సంస్థకు 250 కోట్ల రూపాయల దాకా జరిమానా వేయవచ్చు. ఆ సొమ్ము కేంద్ర ఖజానాకు చేరుతుంది. నష్టపోయిన మనిషి పరిహారం కోరేందుకు ఐటీ చట్టంలో ఉన్న 43ఏ సెక్షన్‌ను కూడా కొత్త చట్టం తొలగిస్తోంది. ఇది అన్యాయం. 2022 నవంబరులో ఢిల్లీ ఎయిమ్స్ సర్వర్లే సైబర్ దాడికి స్తంభించిపోయిన దేశంలో, జిల్లా ఆసుపత్రిలోని రోగి నష్టానికి జవాబుదారీ ఎవరు?

మన ఊళ్లలో ముప్పు ఎక్కడో ఉన్న దొంగల నుంచే రాదు. చాలా ఇళ్లలో ఫోను ఒక్కటే ఉంటుంది, అదీ భర్త చేతిలోనో కొడుకు చేతిలోనో. ఇంట్లో స్త్రీ పరీక్ష చేయించుకుంటే ఓటీపీ అతనికి వెళ్తుంది, ఫలితం సందేశమూ అతనికే చేరుతుంది. గర్భం, క్షయ, హెచ్‌ఐవీ, మానసిక వేదన వంటి సంగతులు ఎవరికి ఎప్పుడు చెప్పాలో నిర్ణయించుకునే అవకాశమే ఆమెకు ఉండదు. ఈ భయంతో ఒక్క స్త్రీ పరీక్షకు వెళ్లడం మానుకున్నా, ఆ వ్యవస్థ ఆమెకు ఆరోగ్యాన్ని దూరం చేసినట్టే. కొత్త చట్టం ప్రకారం సమ్మతి కోరే నోటీసును తెలుగులో చదువుకునే వీలు కల్పించాలి. మంచిదే. చదువు రానివారికి దాన్ని చదివి వినిపించే బాధ్యత కూడా ఎవరో ఒకరికి అప్పగించాలి.

ఈ పని మనకు కొత్త కాదు. 2007లో ఆరోగ్యశ్రీని తొలుత ప్రారంభించిన మూడు జిల్లాల్లో మహబూబ్‌నగర్ ఒకటి. అనుమతులు కంప్యూటర్లలో నడిచినా, ఆసుపత్రిలో రోగి పక్కన ఆరోగ్యమిత్ర ఉండేవారు. కాగితం పని ఆయన చూసేవారు, రోగి ప్రశ్న అడగడానికి ఒక మనిషి కనిపించేవారు. ప్రజారోగ్యం, ఆసుపత్రులు రాజ్యాంగం ప్రకారం రాష్ట్రాల జాబితాలోని అంశాలు కాబట్టి, తెలంగాణ ప్రభుత్వం ఢిల్లీ కోసం ఎదురుచూడనక్కర్లేదు. తన ఆసుపత్రులకైనా వెంటనే నిబంధనలు రాయాలి. ఆభా సంఖ్య తీసుకోవడం ఐచ్ఛికమని ఓపీ చీటీ ఇచ్చే చోట పెద్ద అక్షరాలతో బోర్డు పెట్టాలి. ఆ సంఖ్య లేదన్న కారణంతో ఎవరినీ వెనక్కి పంపకూడదు. ఫలితం ఫోనుకు రావాలో, చేతికి కాగితంగా ఇవ్వాలో రోగినే అడగాలి. సిగ్నల్ అందని నల్లమల చెంచు పెంటల్లో (గూడేల్లో) కాగితం రికార్డును కొనసాగించాలి. వివరాలు బయటపడితే ఫిర్యాదు తీసుకునే అధికారి పేరు, ఫోను నంబరు ప్రతి ప్రాథమిక ఆరోగ్య కేంద్రం గోడపై ఉండాలి. రాబోయే శాసనసభ సమావేశాల్లో నల్గొండ, పాలమూరు ఎమ్మెల్యేలు పార్టీలకు అతీతంగా ఈ నిబంధనల కోసం పట్టుబట్టాలి.