రేసు వద్దనట్లేదు, రోడ్డు ఎవరి కోసం మూశారని అడుగుతున్నా

మొన్న మా ఇంజనీరింగ్ బ్యాచ్ వాట్సాప్ గ్రూపులో నాలుగు ఫోటోలు పెట్టడమే నేను చేసిన తప్పు. పిట్స్‌బర్గ్‌లో ఏటా జులైలో జరిగే పాత కార్ల రేసు ఫోటోలు. ఐదు నిమిషాలు కాకముందే ఒకడు దిగాడు. "చూశార్రా, అమెరికావాళ్ళు ఊరి నడిబొడ్డున రేసు పెట్టినా ఎంత నీట్‌గా చేస్తారో! మనోళ్ళు హుస్సేన్‌సాగర్ పక్కన ఒక్కసారి పెట్టి దాన్నీ పెంట చేసుకున్నారు. మనకి చేతకాదు బాసూ." దాని కింద పదకొండు బొటనవేళ్ళు. ఆ పదకొండు మందిలో ఈ రేసు కళ్ళారా చూసినవాడు ఒక్కడూ లేడు. ఐదేళ్ళు పార్కింగ్ వాలంటీరుగా ఆ ఎండలో మాడినవాణ్ణి నేనొక్కణ్ణే. గ్రూపులో రాస్తే రెండో మెసేజికే ఎవడో గుడ్ మార్నింగ్ బొమ్మ పెడతాడు, అందుకని ఇక్కడ రాస్తున్నా. పొడుగవుతుంది, ముందే చెప్తున్నా.

రేసు పేరు పిట్స్‌బర్గ్ వింటేజ్ గ్రాండ్ ప్రి. 1983లో మొదలైంది. జరిగేది షెన్లీ పార్కులో. మేరీ షెన్లీ అనే ఆవిడ 1889లో ఊరికి రాసిచ్చిన భూమితో మొదలైన పార్కు అది. కార్నెగీ మెలన్‌లో ఎమ్మెస్ చేసిన మనవాళ్ళకి దాని గురించి చెప్పక్కర్లేదు, వర్సిటీ గోడ దాటితే పార్కే. రోజూ కుక్కల్ని తిప్పే, జాగింగ్ చేసే, ఉద్యోగం రాని సాయంత్రాల్లో తలొంచుకుని నడిచే రోడ్లు ఉన్నాయే, ఆ రోడ్ల మీదే రేసు. చుట్టు 2.33 మైళ్ళు, అంటే పావు తక్కువ నాలుగు కిలోమీటర్లు. అంతలోనే 23 మలుపులు. సర్పెంటైన్ డ్రైవ్ అని ఒక రోడ్డుంది, పేరుకి తగ్గట్టే పాములా మెలికలు తిరుగుతుంది. పక్కన రాతి గోడలు, స్తంభాలు, రోడ్డు మధ్యలో మ్యాన్‌హోల్ మూతలు. అడ్డంగా ఏం పెడతారనుకున్నారు? గడ్డి మోపులు. మన ఊళ్ళో వామి వేసే గడ్డి లాంటిదే, మెషిన్‌తో నలుచదరంగా కట్టింది.

చూడ్డానికి టికెట్టు లేదు. కుర్చీ తెచ్చుకుని గట్టు మీద కూర్చోవడమే. పరిగెత్తేవి ఎమ్జీలు, ట్రయంఫ్‌లు, ఆస్టిన్ హీలీలు లాంటి పాత బ్రిటిష్ కార్లు, రెండో ప్రపంచ యుద్ధానికి ముందు నాటి బండ్లు కొన్ని. గెలిచినవాడికి డబ్బు రాదు. ఒక బండి ఇంకో బండికి తగిలిందా, ఆ డ్రైవర్ని పిలిచి చీవాట్లు పెట్టి పక్కన కూర్చోబెడతారు. కార్లు నడిపేవాళ్ళలో సగం మంది మా నాన్న వయసు వాళ్ళు. బండిలోకి ఎక్కేటప్పుడు మోకాలు పట్టుకుని "అబ్బా" అంటారు, ఇంగ్లీషులో.

పది రోజుల పండగలాంటిది ఇది. ఆఖరి శని, ఆదివారాల్లో పక్కనున్న గోల్ఫ్ మైదానం నిండా పాత కార్ల ప్రదర్శన. నా డ్యూటీ అక్కడే. వెయ్యిమందికి పైగా వాలంటీర్లం ఉంటాం, జీతం లేదు, ఒక టీషర్టు ఇస్తారు. వచ్చిన డబ్బు వెళ్ళేది రెండు చోట్లకి. ఒకటి ఆటిజం సొసైటీ ఆఫ్ పిట్స్‌బర్గ్, రెండోది మానసిక ఎదుగుదల తక్కువగా ఉన్నవాళ్ళని చూసుకునే అలెగేనీ వ్యాలీ స్కూల్. మొదలైనప్పటి నుంచి ఇప్పటివరకు 60 లక్షల డాలర్లకు పైనే ఇచ్చారు.

ఇక్కడ ఆగి లెక్క వేయండి. నలభై ఏళ్ళకి 60 లక్షలంటే ఏడాదికి సగటున లక్షన్నర డాలర్లు. నిజాయితీగా చెప్పాలంటే గొప్ప మొత్తమేం కాదు. ఆ మైదానంలో నేను పార్క్ చేయించిన కార్లలో ఒక్కటి అమ్మితే అంతకన్నా ఎక్కువ వచ్చేవి ఉన్నాయి. "అంత ప్రేముంటే చెక్కు రాసి ఇవ్వచ్చుగా, ఈ పొగెందుకు, ఈ మోతెందుకు" అని మొదటి ఏడాది నేనే మా ఆవిడతో అన్నాను. పైగా ఆటిజం పిల్లల కోసమని చెప్పి చెవులు చిల్లులు పడే మోత పెట్టడం ఏం తెలివి? శబ్దమంటేనే ఆ పిల్లల్లో చాలామందికి పడదు. ఆ సందేహం నాకు ఇప్పటికీ పూర్తిగా పోలేదు. ఆ చుట్టుపక్కల ఉండేవాళ్ళకి రెండ్రోజులు పార్కు లేనట్టే, వాళ్ళు సణుగుతూనే ఉంటారు, వాళ్ళ సణుగుడులో న్యాయముంది. అమెరికా కదా అని అంతా కడిగిన ముత్యంలా ఉంటుందని అనుకోకండి.

మరి ఐదేళ్ళు ఎందుకు వెళ్ళానంటారా? రెండో ఏడాది జరిగిన సంగతి చెప్తా.

బ్రిటిష్ కార్ల వరసలో ఒక పెద్దాయన ఆకుపచ్చ ఎమ్జీ తెచ్చాడు. నేను జెండా ఊపి చోటు చూపించాను. దిగీ దిగగానే డిక్కీలోంచి అట్టముక్క ఒకటి తీసి, గడ్డి మీద బోర్లా పడుకుని ఇంజన్ కిందకి తోశాడు. నూనె కారి గోల్ఫ్ గడ్డి పాడవకూడదని. "కారుతోందా?" అన్నాను. "కారకపోతే కంగారు పడాలి బాబూ, లోపల నూనె అయిపోయినట్టు" అన్నాడు. అది ఇక్కడ పాత జోకేనట, నాకప్పుడు కొత్త. మధ్యాహ్నం పెన్‌హిల్స్ వెంకన్న గుడి క్యాంటీన్ నుంచి మావాడొకడు తెచ్చిన పులిహోర ఆయనకి కొంచెం పెట్టాను. మిరపకాయ తీసి పక్కన పెట్టి మిగతాదంతా తిన్నాడు. అప్పుడు చెప్పాడు, కొడుక్కి ఆటిజం, ఇప్పుడు నలభై దాటాయి అని. ఆ కొడుకు అక్కడే ఉన్నాడు. చెవులకి పెద్ద హెడ్‌ఫోన్స్, చేతిలో మెత్తటి గుడ్డ. ఆ కారు చక్రాలకి సైకిలు చక్రాలకున్నట్టు తీగలుంటాయి, పొద్దుట్నుంచి ఒక్కో తీగా తుడుస్తున్నాడు. నాలుగు చక్రాలు అయ్యాక మళ్ళీ మొదటి చక్రానికి వచ్చాడు. వచ్చేవాళ్ళెవరూ వింతగా చూడలేదు. ఆ మైదానంలో అందరూ చేస్తున్నది అదే పని కాబట్టి.

అప్పుడు తట్టింది నాకు, ఇది నేనెక్కడో చూశానని. మాది నరసరావుపేట దగ్గర పల్లె. సంక్రాంతికో తిరునాళ్ళకో ఒంగోలు ఎడ్ల బండలాగుడు పోటీలు పెడతారు, చూసినవాళ్ళకి తెలుసు. ఎడ్లని పళ్ళని బట్టి విడగొడతారు, పాలపళ్ళు, రెండు పళ్ళు, నాలుగు పళ్ళు, ఆరు పళ్ళు అని. ఇక్కడ కార్లని తయారైన ఏడాదిని బట్టి, ఇంజన్ సైజుని బట్టి విడగొడతారు. అక్కడ మైకులో ఒకాయన గొంతు పోయేదాకా అరుస్తాడు, ఇక్కడా అంతే. "ఫలానా వారి తండ్రిగారి జ్ఞాపకార్థం మొదటి బహుమతి" అని అక్కడ చదువుతారు, ఇక్కడా చనిపోయినవాళ్ళ పేర్ల మీద కప్పులుంటాయి. ఎద్దుల కొమ్ములకి నూనె రాసే మా చిన్నాన్నకీ, చక్రాలు తుడిచే ఆ తండ్రీకొడుకులకీ నాకైతే తేడా కనపడలేదు. ఎడ్ల మేపుకయ్యే ఖర్చు చూసి మా పిన్ని తిట్టే తిట్లు కూడా ఆ పెద్దాయన భార్య తిట్టేవేనట. (ఎడ్లని కొట్టి లాగించే పద్ధతి మీద నాకు వేరే గొడవుంది, అది ఇంకో పోస్టు.)

కాబట్టి గ్రూపులో మాట్లాడిన మిత్రమా, "మనకి చేతకాదు" అనకు. ఊరంతా కలిసి ఒక పోటీ నడపడం మనకి తెలియంది కాదు. కాకపోతే 2023లో మనం చేసింది అది కాదు.

2023 ఫిబ్రవరి 11న హైదరాబాద్‌లో ఫార్ములా ఈ, అంటే కరెంటు కార్ల ప్రపంచ స్థాయి రేసు. దేశంలో అదే మొదటిది. ఎన్టీఆర్ మార్గ్, నెక్లెస్ రోడ్డు కలుపుకుని 2.8 కిలోమీటర్ల ట్రాక్, జాన్ ఎరిక్ వెర్న్ గెలిచాడు. టీవీలో చూసి నేనూ మురిసిపోయాను, అబద్ధమెందుకు. సాగర్‌లో బుద్ధుడు, ఈ పక్క కొత్త సచివాలయం, మధ్యలో ఆ కార్లు. ముందురోజు మామూలు బండ్లు ట్రాక్ మీదకి వచ్చేశాయని అందరూ నవ్వారు. నాకు మాత్రం వాళ్ళే పాపం అనిపించారు. అది వాళ్ళ రోజూ దారి, పాపం ఎటు పోతారు? తర్వాతి ఏడాది రేసు రద్దయింది, వ్యవహారం కేసుల దాకా వెళ్ళింది. అందులో ఎవరిది తప్పో కోర్టులు తేలుస్తాయి, ఏ పార్టీవాళ్ళూ కామెంట్లలో కత్తులు దూసుకోవద్దు, తీసేస్తా.

నా ప్రశ్న చిన్నది. ఆ రేసు ఎవరి కోసం జరిగింది? ఊరి పేరు ప్రపంచానికి తెలియాలని అన్నారు, పెట్టుబడులొస్తాయన్నారు, పర్యావరణమన్నారు. కావచ్చు. కానీ ఖైరతాబాద్‌లో టిఫిన్ బండి పెట్టుకున్నామెని అడిగితే ఆ వారం ఎవరి కోసం పోయిందని చెప్తుంది? టికెట్టు వెయ్యి రూపాయల నుంచి మొదలు. ప్రపంచ స్థాయి రేసంటే కాంక్రీటు గోడలు కావాలి, ఎత్తు కంచెలు కావాలి, నిబంధనలు అలాంటివి. ఆ వేగానికి గడ్డి మోపులు చాలవు. అంటే సమస్య మనవాళ్ళ చేతకానితనం కాదు, ఎంచుకున్న రేసులోనే ఉంది. బయటి నుంచి వచ్చి, రెండ్రోజులు పరిగెత్తి, కంటైనర్లు సర్దుకుని ఇంకో దేశం వెళ్ళిపోయే సర్కస్ అది. చెన్నైలో 2024లో ఐలాండ్ గ్రౌండ్స్ చుట్టూ రాత్రి రేసు పెట్టినప్పుడూ గొడవ హైకోర్టు దాకా వెళ్ళింది. రోడ్డు వాడుకునేవాడికి అందులో భాగం లేనప్పుడు వాడు కోర్టుకి కాక ఎక్కడికి వెళ్తాడు?

నాకెందుకింత మంట అంటే, సొంత కారణముంది. ఒకసారి సెలవుకి వచ్చినప్పుడు హైదరాబాద్‌లో ఏదో పెద్ద కార్యక్రమానికి రోడ్లు మూశారు. ఏ కార్యక్రమమో, ఎవరిదో చెప్పను, ఎవరిదైనా ఒకటే. మా మేనల్లుడికి ఆటిజం. వాడికి వారానికి మూడు రోజులు థెరపీ, ఆ టీచరమ్మ దగ్గర చోటు దొరకడానికి అక్క ఏడు నెలలు ఎదురుచూసింది. బావ నడుపుతున్నాడు, నేను ముందు సీట్లో, వాడు వెనక అక్క ఒళ్ళో. అరగంట దారి. రెండు గంటలు ఒకేచోట ఉన్నాం. చుట్టూ హారన్లు. వాడు మొదట చెవులు మూసుకున్నాడు, తర్వాత తల కిటికీకి కొట్టుకోవడం మొదలెట్టాడు. అక్క అరచెయ్యి అద్దానికీ వాడి తలకీ మధ్య పెట్టింది. వాడు కొడుతూనే ఉన్నాడు, ఆవిడ చెయ్యి తియ్యలేదు. బావ దిగి బారికేడ్ దగ్గరికి వెళ్ళి బతిమాలాడు. "నాకు మాత్రం పిల్లల్లేరా సార్, పైనుంచి ఆర్డరు" అన్నాడు ఆ కానిస్టేబుల్. నిజంగానే బాధపడుతూ అన్నాడు. ఇంటికి తిరిగొచ్చేసరికి అక్క చెయ్యి వాచిపోయింది. ఆ రోజు ఫీజు కూడా పోయింది, ముందు చెప్పకుండా మానేస్తే వాపసు ఇవ్వరు.

ఆ చెయ్యి చూశాక నాకు "ఊరి ప్రతిష్ఠ" అనే మాట వింటే ఒళ్ళు మండుతుంది.

అందుకే అంటున్నా, రేసు పెట్టండి. హైదరాబాద్‌లో పెట్టండి, విశాఖ బీచ్ రోడ్డులో పెట్టండి. మన దగ్గర పాత కార్లు లేవా? అంబాసిడర్ కూడా ఇంగ్లండ్ మోరిస్ ఆక్స్‌ఫర్డే, 2014 దాకా తయారు చేశారు. ప్రీమియర్ పద్మినీలు, విల్లీస్ జీపులు ఎంతమంది షెడ్లలో దాచుకుని తుడుచుకుంటున్నారో నాకు తెలుసు. ఆదివారం పొద్దున్నే నాలుగు గంటలు చాలు. వేగం వద్దు. అంబాసిడర్లకి వేగం ఎలాగూ రాదనుకోండి. అంబులెన్సుకి దారి ముందే గీయండి. చుట్టుపక్కల ఇళ్ళవాళ్ళకి నెల ముందు కాగితం పంచండి. టికెట్టు పెట్టకండి. వచ్చిన ప్రతి రూపాయి ఏ పిల్లల థెరపీకి వెళ్ళిందో మర్నాడు పేపర్లో వేయండి. మొదటి ఏడాది నష్టమే వస్తుంది, ఎవడో ఒకడు స్తంభానికి గుద్దుతాడు, మైకు పనిచేయదు. ఫర్లేదు. ఓపెనింగ్‌కి మాత్రం ఎవర్నీ పిలవకండి, పిలిస్తే ఆయన వచ్చేదాకా మళ్ళీ రోడ్డు మూస్తారు.

పార్కింగ్ నేను చూసుకుంటా, విమానం టికెట్టు కొనుక్కుని వస్తా. జెండా ఊపడం వచ్చు నాకు.

ఇంకో మాట. ఆ తీగల చక్రం తిరుగుతున్న వీడియో ఒకటి అప్పట్లో అక్కకి పంపాను, సౌండ్ తీసేసి. మేనల్లుడు దాన్ని ఎన్నిసార్లు చూశాడో లెక్కలేదట, అన్నం తినేటప్పుడు అదే కావాలట. నిన్న అక్క ఫోన్ చేసి, "ఒరేయ్, అది అరిగిపోయిందిరా, ఇంకోటి పంపు" అంది. నా దగ్గరున్నవన్నీ పంపేశాను. మీలో ఎవరైనా ఈ జులైలో షెన్లీ పార్కు వెళ్తే, చక్రాలు దగ్గర్నుంచి తీసి నాకు పంపండి. నిలువుగా కాకుండా అడ్డంగా తీయండి, వాడికి చక్రం మొత్తం కనపడాలి.