అడిగారు సరే, జవాబేది?

ఈ దేశంలో ప్రజాభిప్రాయ సేకరణకు కొదవ లేదు. ముసాయిదా వస్తుంది, వెబ్‌సైట్‌లో పెడతారు, గడువు ఇస్తారు, స్పందన వెల్లువెత్తిందని ప్రకటిస్తారు. ఆ వెల్లువ ఎక్కడ ఇంకిపోయిందో మాత్రం ఎవరూ చెప్పరు. 2030 నాటికి ఐక్యరాజ్యసమితి పదిహేడు సుస్థిరాభివృద్ధి లక్ష్యాలను చేరుకుంటామని 2015లో మనమూ ప్రపంచానికి మాట ఇచ్చాం. ఆ పదిహేడింటిలో చివరిది భాగస్వామ్యాల గురించే. నీతి ఆయోగ్ రాష్ట్రాలకు మార్కులు వేసే సూచీలో సరిగ్గా ఆ పదిహేడో లక్ష్యానికే మార్కు లేదు, వివరణతో సరిపెట్టారు. కొలవడం కష్టమన్న మాట నిజమే. కానీ కొలవదగినది ఒకటుంది: జనం చెప్పినదానికి ప్రభుత్వం ఎన్నిసార్లు బదులిచ్చింది?

అందరూ కలిసి ప్రణాళిక రాయడం మనకు చేతకాని పనేమీ కాదు. జీవవైవిధ్య పరిరక్షణకు జాతీయ కార్యాచరణ ప్రణాళిక తయారు చేయాలని కేంద్ర పర్యావరణ శాఖ 2000లో సంకల్పించింది. సమన్వయ బాధ్యతను కల్పవృక్ష్ అనే స్వచ్ఛంద సంస్థ చేతిలో పెట్టింది. ఒక మంత్రిత్వ శాఖ తన కలాన్ని బయటివారికి ఇవ్వడం అప్పటికీ ఇప్పటికీ అరుదే. రాష్ట్రాలవారీగా, ప్రాంతాలవారీగా, అంశాలవారీగా డెబ్బైకి పైగా ప్రణాళికలు సిద్ధమయ్యాయి. అప్పటి మెదక్ జిల్లా జహీరాబాద్ ప్రాంతంలో దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ అనే స్వచ్ఛంద సంస్థ ఈ పనిని సమావేశ మందిరాల్లోకి తీసుకుపోలేదు. అలంకరించిన ఎడ్లబండ్ల మీద జొన్న, సజ్జ, కొర్ర, సామ విత్తనాలు పెట్టి ఊరూరా తిప్పింది. బండి ఆగిన చోటల్లా చర్చే. ఏ నేలకు ఏ పంట నప్పుతుంది, ఏ విత్తనం ఎందుకు కనుమరుగైంది, మళ్లీ రావాలంటే ఏం చేయాలి? బడి ముఖం చూడని దళిత మహిళా రైతులు చెప్పినవే అక్కడి ప్రణాళికకు ఆధారమయ్యాయి.

తుది ముసాయిదా ఢిల్లీ చేరింది. అక్కడే ఆగిపోయింది. చివరికి 2005లో దాన్ని తయారు చేసినవారే అచ్చు వేయించుకోవలసి వచ్చింది. 2008లో ప్రభుత్వం మరో పత్రాన్ని ఆమోదించింది. మొదటి ముసాయిదాలో లోపాలు ఉండి ఉండవచ్చు. అంతమంది చేయి పడిన పత్రంలో పొరపాట్లు దొర్లకపోతేనే వింత. ఉంటే అవేమిటో ఆ బండి వెంట నడిచిన రైతుకు తెలియజెప్పాల్సింది. తిరస్కరించే హక్కు ప్రభుత్వానికి ఉంది, కారణం చెప్పకుండా పక్కన పెట్టే హక్కు లేదన్నది మా అభిప్రాయం.

అదే జహీరాబాద్ ప్రాంతంలోని అల్గోల్ గ్రామంలో 2001లో ‘ప్రజాతీర్పు’ జరిగింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం మెకిన్సే అనే సలహా సంస్థతో కలిసి రూపొందించిన విజన్ 2020 అభివృద్ధి పత్రం, సేద్యం మీద బతికేవారిని డెబ్బై శాతం నుంచి నలభైకి తగ్గించాలని తలపోసింది. తగ్గించదలచిన ఆ జనంలోంచే చిన్న, సన్నకారు రైతులు, అందులోనూ ఎక్కువగా మహిళలు, జ్యూరీగా కూర్చున్నారు. అధికారులను, శాస్త్రవేత్తలను, కంపెనీల ప్రతినిధులను రోజుల తరబడి ప్రశ్నించి ఆ దారి తమకు వద్దని తేల్చారు. వ్యవసాయం మీద భారం తగ్గాలన్న వాదనలోనూ పస లేకపోలేదు. అయితే ప్రణాళికను సమర్థించేవారు సామాన్యుల ప్రశ్నలకు నిలబడి సమాధానం చెప్పడం ఎలా ఉంటుందో ఆ వారంలో కనిపించింది. అటువంటిది తరువాత ఎందుకు ఆనవాయితీ కాలేదు?

ఇక భాష. గనులు, రేవుల వంటి వాటికి అనుమతిచ్చే ముందు పర్యావరణానికి కలిగే హానిని అంచనా వేసే నిబంధనల (పర్యావరణ ప్రభావ మదింపు) ముసాయిదాను 2020లో కేంద్రం ఇంగ్లిష్, హిందీల్లోనే విడుదల చేసింది. రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులోని 22 భాషల్లోకి అనువదించాలని ఢిల్లీ హైకోర్టు ఆదేశిస్తే, పాటించడానికి బదులు కేంద్రం సుప్రీంకోర్టు మెట్లెక్కింది. గనికో, రేవుకో భూమి పోగొట్టుకునేవారు అభ్యంతరం రాయాలంటే ముందు పరాయి భాష నేర్చుకోవాలన్నమాట!

గ్రామాల సంగతి చూడండి. ఏటా అక్టోబరు 2 నుంచి ప్రణాళికల కోసం గ్రామసభలు పెడుతున్నారు. పంచాయతీ కార్యదర్శి ఎజెండా చదువుతారు, పొదుపు సంఘాల మహిళలు ముందు వరుసలో కూర్చుంటారు, రిజిస్టరు చేతులు మారుతుంది, ఫొటో పోర్టల్‌లోకి ఎక్కుతుంది. ఊరు అడిగేది చెరువు కట్ట మరమ్మతో, బడికి ప్రహరీనో కావచ్చు. కానీ 2021-26 కాలానికి పదిహేనో ఆర్థిక సంఘం పంచాయతీలకు సిఫారసు చేసిన గ్రాంటులో 60 శాతాన్ని తాగునీటికి, పారిశుద్ధ్యానికి ముందే ముడిపెట్టారు. ఆ రెండూ అవసరాలే, కాదనలేం. ఇలా ముడిపెట్టినప్పుడు సభ తేల్చగలిగేది మిగిలిన భాగాన్నే అని మొదట్లోనే చెబితే ఊరికి గౌరవంగా ఉంటుంది.

దీనికి కొత్త చట్టమేదీ అక్కర్లేదు. శాసన ముసాయిదాలను కనీసం ముప్పై రోజులు ప్రజల ముందుంచాలని, వచ్చిన అభిప్రాయాల సారాంశాన్ని వెబ్‌సైట్‌లో పెట్టాలని 2014లో కేంద్రమే విధానం తెచ్చుకుంది. దాన్ని జాతీయ, రాష్ట్ర ప్రణాళికలకూ వర్తింపజేసి, ఒక్క వరుస జోడించాలి: ఫలానా సూచన తీసుకున్నాం, ఫలానాది వద్దనుకున్నాం, కారణం ఇది. తెలుగు రాష్ట్రాలు రెండూ 2047 దార్శనిక పత్రాలు తెచ్చాయి, ప్రజల సూచనలు తీసుకున్నామని చెప్పుకున్నాయి. సూచనలన్నీ ఎలాగూ కంప్యూటర్లలోనే ఉంటాయి. వాటి పక్కన ఆ వరుస చేర్చి, తెలుగులో బయటపెట్టే పని అమరావతి, హైదరాబాద్ ఈ ఏడాదే మొదలుపెట్టవచ్చు.