ఆరు డబ్బాల ఆస్తి పంపకం

తక్కువ డబ్బుతో హోమ్ థియేటర్ ఎంచుకోవడం మహా కష్టమని కొందరు పెద్దమనుషులు ప్రచారం చేస్తుంటారు. అంతా వట్టిది. ఏ అట్టపెట్టె మీద అంకె అన్నిటికంటే లావుగా ఉందో చూసుకుని, ఆ పెట్టెని ఎత్తుకొచ్చేయడమే. ఇందులో చెవులకి పనేమీ లేదు. కళ్ళజోడు ఉంటే చాలు.

ఆ లావుపాటి అంకె పేరు పీఎంపీఓ, అంటే ఆ సెట్టు పలకగల గరిష్ఠ శక్తి అట. ఈ కొలతకున్న గొప్పతనం ఏమిటంటే, దాన్ని ఎలా కొలవాలో అందరూ ఒప్పుకున్న పద్ధతంటూ లేదు. కాబట్టి అది తప్పని ఎవరూ రుజువు చేయలేరు. పెట్టె ముందువైపు 10,000 వాట్లని ఉంటుంది. వెనక్కి తిప్పి, కరెంటు వైరు లోపలికి వెళ్ళే చోట అతికించిన చీటీ చూస్తే, ఇది వాడుకునే కరెంటు 60 వాట్లని చీమ తలకాయంత అక్షరాల్లో ఉంటుంది. గోడలోంచి 60 లాగి గదిలోకి 10,000 వదిలే యంత్రం మార్కెట్లో దొరుకుతుండగా ప్రపంచం ఇంకా బొగ్గు తవ్వుకుంటూ కూర్చోవడం విచారకరం.

పీఎంపీఓది మోటు అబద్ధం. చదువుకున్న అబద్ధం రిసీవర్ల దగ్గర, అంటే ఐదు స్పీకర్లనీ నడిపే ఆంప్లిఫయర్ డబ్బాల దగ్గర దొరుకుతుంది. 150 వాట్లని వేసి, పక్కన చిన్న చుక్క గుర్తు పెడతారు. ఆ గుర్తు పట్టుకుని పేజీ అడుగుకి వెళితే సంగతి బయటపడుతుంది: 6 ఓమ్‌లు, 1 కిలోహెర్ట్జ్, ఒక్క ఛానెల్, 10 శాతం డిస్టార్షన్. అంటే మిగతా నలుగురినీ పడుకోబెట్టి, ఒక్కడి చేత ఒకే ఒక్క స్వరాన్ని గొంతు బొంగురుపోయేదాకా పాడించి తీసిన లెక్క. మనం వెతకాల్సిన వాక్యం వేరు: 8 ఓమ్‌లు, 20 హెర్ట్జ్ నుంచి 20 కిలోహెర్ట్జ్ వరకూ, రెండు ఛానెళ్ళు కలిసి నడుస్తుండగా, డిస్టార్షన్ 0.1 శాతం లోపు. ఆ వాక్యం దగ్గర అదే రిసీవర్ 80 వాట్లకి దిగి వచ్చి బుద్ధిగా కూర్చుంటుంది. ఐదుగురూ ఒకేసారి అరిస్తే ఇంకా తగ్గుతుంది. లోపలున్న పవర్ సప్లై ఒకటే కదా.

అలాగని 80 తక్కువేమీ కాదు. సెన్సిటివిటీ 87 డెసిబెల్స్ అని రాసిన స్పీకర్ ఒక్క వాటు తాగి మీటరు దూరంలో 87 డెసిబెల్స్ ఇస్తుంది. 10 వాట్లు పోస్తే 97. మూడు మీటర్ల అవతల సోఫా దాకా వచ్చేసరికి ఓ తొమ్మిది పది డెసిబెల్స్ తరిగిపోయినా, పక్కనున్న మనిషితో మాట్లాడాలంటే గొంతు చించుకోవాల్సినంత మోత మిగులుతుంది. వాట్లు రెట్టింపు చేస్తే పెరిగేది 3 డెసిబెల్స్. 80 నుంచి 100 వాట్లకి ఎగబాకితే పెరిగేది ఒక డెసిబెల్ కూడా కాదు. ఆ ముప్పాతిక మువ్వీసం కోసం పై మోడల్‌కి వెళ్ళేవాళ్ళని ఎవరూ ఆపకూడదు. కంపెనీలు బతకాలి. అదే డబ్బుతో 85 బదులు 88 డెసిబెల్స్ స్పీకర్ తీసుకుంటే ఆంప్లిఫయర్‌ని రెట్టింపు చేసినట్టే అవుతుంది గానీ, అందులో చెప్పుకోవడానికి పెద్ద అంకె దొరకదు.

ఇక అసలు తగువు. 5.1 అంటే ఆరు డబ్బాలు. ముందు ఎడమ, కుడి, వాళ్ళ మధ్య సెంటర్, వెనక సరౌండ్లు ఇద్దరు, మూల చేరి బేస్ మోగించే సబ్‌వూఫర్. జేబులో ఉన్న ఆస్తి మాత్రం ఒకటే. ఆరుగురికీ సమానంగా పంచాలని ధర్మశాస్త్రం. అన్నీ ఒకే పెట్టెలో వచ్చే సెట్లు ఈ ధర్మాన్ని తు.చ. తప్పకుండా పాటిస్తాయి. అందరికీ సమానంగా ఏమీ దక్కదు.

సినిమాలో మాటలన్నీ దాదాపు సెంటర్ స్పీకర్ నుంచే వస్తాయి. ఇంటి బరువంతా మోసే పెద్దకొడుకు వాడు. వాడి వాటాకి మూడంగుళాల కోన్లు రెండు ఇచ్చి, అడ్డంగా పడుకోబెట్టి, టీవీ కింద అరలో వెనక్కంటా తోసేస్తారు. ఆ తర్వాత ఇంట్లో జరిగేది అందరికీ తెలిసిందే. తెర మీద ఎవరో ఎవరికో రహస్యం చెబుతారు. వాల్యూమ్ 38 దగ్గర అది రహస్యంగానే ఉంటుంది. 46కి పెంచుతారు. మరుక్షణం లారీ పేలుతుంది. సోఫాలో చంటిది లేస్తుంది. రిమోట్ కోసం వెతుకులాట, 24కి దింపడం, మళ్ళీ రహస్యం. రెండున్నర గంటల సినిమాకి రిమోట్ బ్యాటరీ అరిగేది ఇందుకే.

ఆ పెద్దకొడుకుని బాగుచేయడానికి పైసా ఖర్చు లేదు, అందుకే ఎవరూ చేయరు. స్పీకర్‌ని ముందుకి లాగి దాని మొహం అర అంచుతో సమానంగా పెట్టాలి, లేకపోతే శబ్దం అర చెక్కకి తగిలి మాట ముద్దగా వినిపిస్తుంది. ముందు కాళ్ళ కింద రబ్బరు ముక్కలు పెట్టి, ట్వీటర్, అంటే సన్నని స్వరాలు పలికే బుల్లి భాగం, చెవివైపు చూసేలా మొహం పైకెత్తాలి. రిసీవర్‌లో సెంటర్ లెవెల్ ఓ 2, 3 డెసిబెల్స్ పెంచాలి. రాత్రి పూటకి డైనమిక్ రేంజ్, అంటే పెద్ద మోతకీ చిన్న మాటకీ మధ్య తేడా, తగ్గించే సెట్టింగ్ ఒకటి ఉంటుంది, దాన్ని ఆన్ చేస్తే లారీ కాస్త మర్యాదగా పేలుతుంది. అప్పటికీ లాభం లేకపోతే, సెంటర్‌ని మొత్తానికే పీకేసి, సెటప్ మెనూలో ‘సెంటర్: లేదు’ అని పెట్టడం ఉత్తమం. వాడి మాటలన్నీ ఎడమ కుడి స్పీకర్లకి సమానంగా పోయి, మధ్యలో కూర్చున్నవాళ్ళకి తెర నడుమ నుంచే వినిపిస్తాయి. సోఫా చివర కూర్చున్నవాళ్ళకి మాత్రం హీరో కొంచెం వాళ్ళవైపు జరిగినట్టుంటుంది. చెత్త సెంటర్ కంటే లేని సెంటరే నయం. ఈ ఒక్క ముక్క దగ్గర వ్యంగ్యం ఏమీ లేదు.

సబ్‌వూఫర్ కథ ఇంకా రుచిగా ఉంటుంది. పిడికిలంత స్పీకర్లు 150 హెర్ట్జ్ కింది లోతు స్వరాలేవీ పలకలేవు. మగవాళ్ళ గొంతుకి పునాదేమో 85 నుంచి 180 హెర్ట్జ్ మధ్య ఉంటుంది. కాబట్టి సగం గొంతు సబ్‌వూఫర్ అందుకుంటుంది. హీరో తెర మీద, హీరో గొంతు సోఫా పక్కన పూలకుండీ వెనక. అదే ముందువరసలో ఐదంగుళాలు, ఆరున్నర అంగుళాల వూఫర్ (లోతు స్వరాల కోన్) ఉన్న బుక్‌షెల్ఫ్ స్పీకర్లుంటే 80 హెర్ట్జ్ దగ్గర గీత గీయొచ్చు: కిందివి సబ్‌కి, పైవి స్పీకర్లకి. ఆ గీత కింద శబ్దం ఎటునుంచి వస్తోందో చెవి పసిగట్టడం కష్టం. సబ్ ఎక్కడుందో తెలియకుండా పనిచేస్తుంది.

ఆ గీత గీయాలంటే రిసీవర్ మెనూలో స్పీకర్ సైజు ‘స్మాల్’ అని పెట్టాలి. ఇక్కడే చాలామంది ఆత్మగౌరవం దెబ్బతింటుంది. అన్ని ఊళ్ళు తిరిగి, అంత బేరమాడి, తీరా తెచ్చుకున్న స్పీకర్లని మన చేత్తో మనమే ‘చిన్నవి’ అని ఒప్పుకోవడమా? అందుకే ‘లార్జ్’ అని పెడతారు. ఆరంగుళాల కోన్ 30 హెర్ట్జ్ పేలుడు పలకబోయి ఫట్‌మని దగ్గుతుంది, సబ్ మాత్రం అరకొర పనితో కూర్చుంటుంది. సబ్ వెనక ఇదే గీత గీసే క్రాసోవర్ నాబ్‌ని చివరికంటా తిప్పేయాలని, గీత రిసీవరే గీస్తుందని సబ్‌తో వచ్చిన కరపత్రంలో ఉంటుంది. కరపత్రం చంటిది చింపేసి ఉంటుంది.

సబ్‌ని ఎక్కడ పెట్టాలన్నది గది చెబుతుంది, మనం కాదు. నాలుగు మీటర్ల పొడవున్న గది 43 హెర్ట్జ్ దగ్గర దానంతట అదే మోగుతుంది. ఆ మోత గోడల దగ్గర కొండంత, గది నట్టనడుమ సున్నా. సోఫా సరిగ్గా నట్టనడుమే ఉంటుంది. కాబట్టి యజమానికి బేస్ వినపడదు, గోడ అవతలివాళ్ళకి సుబ్బరంగా వినపడుతుంది. యజమాని నాబ్ పెంచుతాడు, గోడ అవతలివాళ్ళు తలుపు కొడతారు. నట్టనడుమ పడిన ఆ గుంటని ఈక్వలైజర్‌తో పూడ్చబోతే వాట్లు కరుగుతాయి తప్ప గుంట పూడదు. సోఫాని అరమీటరు వెనక్కి జరిపితే సగం తగువు తీరుతుంది. మిగతా సగానికి ఒక విద్య ఉంది. సబ్‌ని ఎత్తి సోఫాలో మనం కూర్చునే చోట కూర్చోబెట్టాలి. బేస్ బాగా ఉన్న పాట ఒకటి పెట్టి, గోడ వెంబడి మోకాళ్ళ మీద పాకుతూ వెళ్ళాలి. ఎక్కడ బేస్ ముద్దగా కాకుండా, అన్ని స్వరాలూ సమానంగా వినిపిస్తాయో అక్కడ సబ్ ఉండాలి. పెద్దవాళ్ళు నేల మీద పాకడం చూసి ఇంట్లోవాళ్ళు కంగారుపడకుండా ముందే ఒక మాట చెప్పి మొదలుపెట్టడం మంచిది.

నిలువెత్తు టవర్ స్పీకర్ల గురించి రెండు మాటలు. బడ్జెట్ సెట్లలో అవి పైన పటారం, లోన లొటారం. వేలి కణుపుతో నడుము దగ్గర కొట్టి చూడండి, డోలులా పలుకుతాయి. పైన మూడంగుళాల కోన్ ఒకటి, కిందంతా గాలి. ఆ గాలికి కూడా ప్యాకింగ్ ఖర్చు మనదే.

సరౌండ్లకి ఆస్తిలో చిన్న వాటా చాలు, అవి ఎక్కువ పని చేసేవి కావు. కాకపోతే వాటికి చోటు ముఖ్యం: తెరని సూటిగా చూస్తూ కూర్చున్నప్పుడు పక్కనుంచి కొంచెం వెనక్కి, 110 డిగ్రీల దగ్గర, చెవికంటే రెండడుగులు ఎత్తులో. ఆచారం మాత్రం వేరేగా ఉంది. పెట్టెలో ఇచ్చిన వైరు పొట్టిది కాబట్టి సరౌండ్లని కూడా టీవీ పక్కనే వరసగా నిలబెడతారు. వెనకనుంచి రావలసిన బుల్లెట్టు దర్జాగా ముందునుంచే వస్తుంది. సోఫా వెనక గోడకి ఆనుకుని ఉన్న గదిలో 7.1 (వెనక ఇంకో జంటతో ఎనిమిది డబ్బాలు) పెట్టి, ఆ వెనక జంటని సోఫాకీ గోడకీ మధ్య ఇరికించేవాళ్ళూ ఉన్నారు. ఇక అట్మాస్ సంగతి: 2012లో సినిమా హాళ్ళకి వచ్చిన ఈ ఏర్పాటుకి తలపైన స్పీకర్లు కావాలి. ఇంట్లో పైకప్పుకి తగిలి కిందికి వచ్చేలా పైకి చూసే స్పీకర్లు అమ్ముతారు. వాటికి చదునైన, గట్టి కప్పు ఉండాలి. ఇంకా సెంటరే కుదరని ఇంట్లో అట్మాస్ ముచ్చట ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం.

వైరు దగ్గర మాత్రం మన వాళ్ళు భలే శ్రద్ధ చూపిస్తారు. పాములావు వైరుకి బంగారు తొడుగులు. 16 గేజ్ రాగి వైరు ఎనిమిది మీటర్లు లాగితే రానూపోనూ కలిపి దాని నిరోధం 0.2 ఓమ్. 8 ఓమ్‌ల స్పీకర్ ముందు అదో లెక్కా? కొనేముందు వైరు చివరని చాకుతో గీకి చూస్తే చాలు. లోపల తెల్లగా మెరిస్తే అది రాగి పూత పూసిన అల్యూమినియం, దానికి ఒక సైజు లావుది తీసుకోవాలి. అసలు ప్రమాదం బిగించేటప్పుడు వస్తుంది. ఒక్క పోగు పక్క టెర్మినల్‌కి తగిలితే రిసీవర్ టక్కుమని ఆగిపోతుంది. ఎరుపూ నలుపూ ఒక స్పీకర్‌కి తారుమారైతే ఏదీ ఆగదు, అదే బాధ. బేస్ మాయమవుతుంది, మాట గదంతా దిక్కులేకుండా తిరుగుతుంది. అనుమానమొస్తే వైరుని రిసీవర్ నుంచి తీసి, ఆ కొసలకి 1.5 వోల్టుల బ్యాటరీ రెప్పపాటు తాకించి చూడండి. ప్లస్ ఎరుపుకి తగిలినప్పుడు వూఫర్ కోన్ బయటికి ఉబకాలి.

అన్నీ బిగించాక ఒక విచిత్రం జరుగుతుంది. టీవీ సౌండ్ సెట్టింగ్ పీసీఎం మీద ఉండిపోతుంది. టీవీ పంపేది రెండు ఛానెళ్ళే. సరౌండ్లు మూగబోయాయని ఎవరో రిసీవర్ మీద ‘ఆల్ ఛానెల్ స్టీరియో’ నొక్కుతారు. ఐదు స్పీకర్లూ ఒకే పాట కోరస్‌గా అందుకుంటాయి. ఆహా, సరౌండ్ అంటే ఇదీ అని అందరూ సంతోషిస్తారు. అలా ఏళ్ళు గడిచిపోతాయి. హెచ్‌డీఎంఐ వైరు టీవీలో ఏఆర్‌సీ (టీవీ శబ్దాన్ని రిసీవర్‌కి వెనక్కి పంపే దారి) అని రాసిన రంధ్రంలో ఉందో లేదో చూసి, డిజిటల్ అవుట్‌పుట్‌ని బిట్‌స్ట్రీమ్ లేదా పాస్‌త్రూకి మార్చి, 5.1 ఉన్న సినిమా పెడితే, రిసీవర్ డిస్‌ప్లే మీద డాల్బీ అన్న మాట మొదటిసారి వెలుగుతుంది. సంబరం చెడగొట్టడం ఇష్టం లేనివాళ్ళు ఆ పని చేయనక్కరలేదు.

సరే, పంపకం ఎలా చేయాలి? సిగ్గుపడకుండా పక్షపాతం చూపించాలి. ముందు ఒక రిసీవర్, రెండు మంచి బుక్‌షెల్ఫ్‌లు. కొన్నాళ్ళకి సొంత ఆంప్లిఫయర్ ఉన్న పదంగుళాల సబ్. ఆ తర్వాత ముందు జంట సిరీస్‌లోనే సెంటర్. సరౌండ్లు ఎప్పుడో, వీలైతే. రిసీవర్ పాతదైనా పరవాలేదు. అది కొత్త వీడియో ఫార్మాట్లని దాటించలేకపోతే బొమ్మని నేరుగా టీవీకి ఇచ్చి, శబ్దాన్ని మాత్రం ఏఆర్‌సీ లేదా ఆప్టికల్ వైరు మీద రిసీవర్‌కి తెచ్చుకోవచ్చు. ఆప్టికల్ మీద కూడా డాల్బీ డిజిటల్ 5.1 వస్తుంది. పాత స్పీకర్లు తీసుకుంటే జాలీ ఊడదీసి కోన్ అంచుని వేలితో మెల్లగా తాకాలి. ఫోమ్ అయితే పొడిపొడిగా రాలిపోవచ్చు, రబ్బరు అంచు చాలాకాలం ఉంటుంది. రిసీవర్ తనే మైకుతో విని స్పీకర్ల దూరాలు లెక్కేసే ఆటో సెటప్ చేసేటప్పుడు మైకుని చెవి ఎత్తులో స్టాండు మీద పెట్టి, ఫ్యాన్లు ఆపాలి. సబ్ రెండు మీటర్ల దూరంలో ఉంటే రిసీవర్ మూడున్నర అంటుంది. టేపు పట్టుకుని దాన్ని సరిదిద్దేవాళ్ళ ఓపికకి దండం పెట్టాలి. సబ్ లోపలి సర్క్యూట్ చేసే ఆలస్యాన్ని కూడా అది దూరంగానే లెక్కేస్తుంది. ఆ అంకెని అలాగే వదిలేయాలి.

ఆ రాత్రి అందరూ పడుకున్నాక, వాల్యూమ్ బాగా తగ్గించి, మాటలు ఎక్కువగా ఉన్న సినిమా ఏదైనా అరగంట పెట్టండి. పక్కన కూర్చున్న మనిషి ‘ఏమన్నాడు?’ అని ఎన్నిసార్లు అడుగుతారో వేళ్ళ మీద లెక్కపెట్టండి. మూడు దాటితే సెంటర్ కింద ఇంకో రబ్బరు ముక్క పెట్టండి.