ఓడ ప్రయాణానికి డిస్కౌంట్ కోసం ఎంతకాలం ఆగాలి? సరిహద్దు జిల్లాల లెక్క వేరు

క్రూయిజ్ టికెట్ గురించి ఎవరినడిగినా రెండు సలహాల్లో ఒకటి చెబుతారు. ఏడాది ముందే కొనేస్తే మంచి గది దొరుకుతుందని కొందరు, చివరి వారం దాకా ఆగితే సగం ధరకే వస్తుందని ఇంకొందరు. రెండిట్లోనూ నిజం ఉంది. అయితే ఆ రెండూ అమెరికాలోని మయామీ లాంటి రేవుల దగ్గర ఉండేవాళ్ల అనుభవంలోంచి వచ్చిన మాటలు. అక్కడ ఏడాది పొడవునా ఓడలు బయల్దేరుతూనే ఉంటాయి. ఈ వారం ధర నచ్చకపోతే వచ్చే వారం చూసుకుని, కారులో రేవుకు వెళ్లిపోవచ్చు. ఆంధ్రను ఆనుకున్న ఒడిశా జిల్లాల్లో, బరంపురంలోనో పర్లాకిమిడిలోనో రాయగడలోనో ఉండే తెలుగు కుటుంబానికి ఆ వెసులుబాటు ఎక్కడిది? పిల్లల సెలవులు ఒడిశా క్యాలెండర్ ప్రకారం వస్తాయి. ఓడ ఎక్కాలంటే విశాఖకో చెన్నైకో రైలు పట్టుకోవాలి, లేదంటే సింగపూర్‌కి విమానం ఎక్కాలి. ఇవన్నీ కలిపి చూస్తే నాకు తేలిన లెక్క ఇది: డిస్కౌంట్ కోసం ఆగాలనుకునేవాళ్లు కూడా ప్రయాణానికి 60 రోజుల ముందు వరకే ఆగాలి. ఆ గడువు దాటాక ఓడ మీద మిగిలేది రైలులోనో విమానంలోనో పోతుంది.

ముందు అసలు ధర ఎందుకు తగ్గుతుందో చూద్దాం. ఓడ కదిలాక ఖాళీగా ఉన్న గదికి విలువ లేదు, బయల్దేరిన బస్సులో ఖాళీ సీటుకు లేనట్టే. సిబ్బంది జీతాలు, ఇంధనం, రేవు ఖర్చులు ఎలాగూ తప్పవు. పైగా ఎక్కిన మనిషి టికెట్‌తో ఆగడు. మందు, వైఫై, క్యాసినో, స్పా, రేవులో దిగి చూసే టూర్లు, అన్నిటికీ విడిగా కడతాడు. అందుకే గది తక్కువకు ఇచ్చి అయినా మనిషిని ఎక్కించుకోవాలని కంపెనీ చూస్తుంది. కోవిడ్ తర్వాత ఓడలు మళ్లీ మొదలైన కొత్తలో గదులు చాలా ఖాళీగా ఉండి, ధరలు బాగా పడ్డాయి. అప్పుడు లాభపడ్డవాళ్ల మాటే ఇప్పటికీ ప్రచారంలో ఉంది. కానీ 2023 నుంచి కథ మారింది. రాయల్ కరీబియన్, కార్నివాల్ లాంటి పెద్ద కంపెనీల ఓడలు 100 శాతం పైన నిండుతున్నాయి. గదికి ఇద్దరు చొప్పున లెక్కేసి వంద అంటారు కాబట్టి, మూడో మనిషి, నాలుగో మనిషి చేరితే వంద దాటుతుంది. అలా నిండే ఓడకు చివర్లో డిస్కౌంట్ ఇవ్వాల్సిన పని ఉండదు. ఇచ్చినా మిగిలేవి ఎక్కువగా కిటికీ లేని లోపలి గదులు, లేదంటే కొనేవాడు దొరకని ఖరీదైన సూట్ గదులు.

మన వైపు వచ్చే ఓడ సంగతికి వస్తే, ఎంచుకోవడానికి ఉండేదే తక్కువ. కార్డీలియా అనే మన దేశపు క్రూయిజ్ కంపెనీ వాళ్ల ఎంప్రెస్ 1990లో కట్టిన ఓడ, దాదాపు 800 గదులు. 2021 సెప్టెంబరు నుంచి ముంబయి కేంద్రంగా తిరుగుతోంది. నైరుతి రుతుపవనాల్లో అరేబియా సముద్రం అల్లకల్లోలంగా ఉంటుంది కాబట్టి ఆ నెలల్లో చెన్నై వైపు వస్తుంది. విశాఖకు 2022 జూన్‌లో వచ్చింది, మళ్లీ 2025లో జూన్ చివర, జులైలో పుదుచ్చేరి, చెన్నైలతో కలిపి కొన్ని ట్రిప్పులు తిరిగింది. విశాఖలో 2023 సెప్టెంబరులో కొత్త క్రూయిజ్ టెర్మినల్ ప్రారంభమైంది. భవనం ఏడాదంతా ఉంటుంది, ఓడ మాత్రం కొన్ని వారాలే. పైగా అది వచ్చే జులైకి ఒడిశాలో వేసవి సెలవులు అయిపోయి, బడులు తెరిచేసి ఉంటాయి. ఇన్ని తక్కువ ట్రిప్పుల్లో మనకు కుదిరేది బహుశా ఒక్కటే. ఆ ఒక్క తేదీలో ధర పడుతుందని ఆగడమంటే, పడకపోతే ఈ ఏడాదికి ప్రయాణం మానుకోవడానికి సిద్ధపడటమే. మానుకున్నా ఫర్వాలేదు అనుకునేవాళ్లకు అది తప్పు కాదు. పిల్లలకు మాటిచ్చినవాళ్లకు మాత్రం కుదరదు.

ఇక అసలు చిక్కు రైలు దగ్గర ఉంది. 2024 నవంబరు 1 నుంచి రైల్వే రిజర్వేషన్ గడువును 120 రోజుల నుంచి 60 రోజులకు తగ్గించింది. విదేశీ క్రూయిజ్ కంపెనీల్లో చాలావాటికి మొత్తం డబ్బు కట్టాల్సిన చివరి తేదీ, ట్రిప్పు ఎన్ని రోజులన్నదాన్ని బట్టి, ప్రయాణానికి 75 నుంచి 120 రోజుల ముందు పడుతుంది. అంటే ఓడకు పూర్తిగా కట్టేసినా, ఆ ఓడను అందుకునే రైలు దొరుకుతుందో లేదో అప్పటికి తెలియదు. ముందే కొనేవాళ్లకు ఇదొక టెన్షన్. ఆగేవాళ్లకు మాత్రం ఇదే మంచి అవకాశం, ఎందుకంటే ఆ చివరి తేదీ దగ్గర కొంతమంది వెనక్కి తగ్గుతారు, అడ్వాన్స్ కట్టి వదిలేసిన గదులు మళ్లీ అమ్మకానికి వస్తాయి. ధర తగ్గితే ఎక్కువగా అప్పటి నుంచే తగ్గుతుంది. కాబట్టి ఆ తేదీ దాటిన మర్నాటి నుంచి రోజూ చూడాలి, 60వ రోజు రైలు బుకింగ్ తెరిచేలోపు గది తేల్చుకోవాలి, తెరిచిన పొద్దున్నే రైలు టికెట్ తీయాలి. ఈ వరస కుదిరితే ఆగినందుకు ఫలితం దక్కుతుంది. ఇంకా తగ్గుతుందని 20వ రోజు దాకా సాగదీస్తే దసరా రోజుల్లో కోరమాండల్‌లో వెయిటింగ్ లిస్టే మిగులుతుంది. తత్కాల్ మీద నలుగురి ప్రయాణం పెట్టుకుని ఓడ టికెట్ కొనమని నేను ఎవరికీ చెప్పను. ఓడ బయల్దేరడానికి కొన్ని గంటల ముందే చెక్-ఇన్ మూసేస్తారు, ఆలస్యమైతే డబ్బు పోయినట్టే. ఏ రేవుకైనా ఒక రోజు ముందే చేరుకోవాలి.

విశాఖ నుంచి ఎక్కేవాళ్లకు ఇందులో కొంత మినహాయింపు. భువనేశ్వర్–విశాఖ వందేభారత్ 2024 మార్చిలో మొదలై బరంపురం, ఇచ్ఛాపురం, పలాసల్లో ఆగుతోంది. రాయగడ వాళ్లకు విజయనగరం మీదుగా రైళ్లున్నాయి. ఏదీ లేకపోతే హైవే ఉంది, విశాఖలో చుట్టాలిల్లు ఉంది. అయితే ఓడ చెన్నైలో దింపేస్తే తిరుగు ప్రయాణం మాటేమిటన్నది మర్చిపోకూడదు. సింగపూర్ నుంచి ఎక్కేవాళ్లకైతే విమానం టికెట్టే పెద్ద ఖర్చు. గదిలో మనిషికి మూడు వేలు మిగిలిందని ఆలస్యం చేస్తే, నాలుగు విమానం టికెట్లు అంతకు రెట్టింపు లాక్కోవచ్చు.

నలుగురి కుటుంబానికి ఇంకో ఇబ్బంది ఉంది, ఏజెంట్లు దీన్ని పెద్దగా చెప్పరు. నాలుగు పడకల గదులు ఏ ఓడలోనైనా తక్కువే, ముందుగా అమ్ముడుపోయేవీ అవే. అమ్మానాన్నల పైన మూడో మనిషికి, నాలుగో మనిషికి తక్కువ ధర ఉంటుంది కాబట్టి అందరూ వాటి మీదే పడతారు. గదిలో పడక ఉన్నా ఒక్కోసారి నాలుగో మనిషిని ఎక్కించుకోరు. ప్రమాదం వస్తే ఆ గదివాళ్లు వెళ్లాల్సిన లైఫ్‌బోటులో చోటు నిండితే అంతే సంగతి. చివర్లో వచ్చిన చవక ఆఫర్‌లో నలుగురు రెండు గదులు తీసుకోవాల్సి వస్తే, మూడో మనిషికీ నాలుగో మనిషికీ పూర్తి ధర పడుతుంది. మామ్మో తాతయ్యో కూడా వస్తుంటే, వాళ్ల గది ఒక అంతస్తులో, మన గది ఇంకో అంతస్తులో పడితే పడే అవస్థ వేరే చెప్పాలా? పిల్లలున్న ఇల్లు ముందే కొనాలని నేను అనడానికి ఇదే ప్రధాన కారణం. ధర కాస్త ఎక్కువే పడొచ్చు, కానీ కావలసిన గది దొరుకుతుంది.

ఈ మధ్య బరంపురంలో ఒక ఇంటికి ఏజెంట్ పంపిన కొటేషన్ చూశాను. పైన పెద్ద అక్షరాల్లో మనిషికి ఇంత అని ధర, దాని పక్కన చిన్న చుక్క. కింద సన్నటి అక్షరాల్లో పోర్ట్ చార్జీలు, సర్వీస్ చార్జీ, జీఎస్టీ వరసగా ఉన్నాయి. డిస్కౌంట్ శాతం పై వరసకే వర్తిస్తుందని ఆ చుక్క అర్థం. ఉదాహరణకు మూల ధర 20 వేలు, మిగతావి 8 వేలు అనుకోండి. 25 శాతం తగ్గింపు అంటే 5 వేలు. జేబులోంచి పోయే 28 వేల మీద చూస్తే అది 18 శాతం దాటదు. రెండు ఆఫర్లను పోల్చేటప్పుడు చివరి వరసలోని మొత్తాన్నే పక్కపక్కన పెట్టి చూడాలి. విదేశీ ప్యాకేజీ అయితే టీసీఎస్ (అమ్మేవాళ్లు మన దగ్గర ముందే వసూలు చేసే పన్ను) కూడా కలుస్తుంది. రిటర్న్ వేసినప్పుడు దాన్ని సర్దుకోవచ్చు గానీ, కట్టే రోజున చేతిలో ఉండాలి.

మన సెలవులూ మన తుపానులూ ఒకే నెలలో రావడం ఇంకో సమస్య. 2013 అక్టోబరు 12న ఫైలిన్ గోపాలపురం దగ్గర తీరం దాటింది. మరుసటి ఏడాది సరిగ్గా అదే తేదీన హుద్‌హుద్ విశాఖను కొట్టింది. 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస దగ్గర తీరం దాటి గజపతి జిల్లాను ముంచింది. అక్టోబరు, నవంబరుల్లో బంగాళాఖాతంలో తిరిగే ఓడకు చవక ఆఫర్ కనిపిస్తే, ఇదంతా తెలిసే తగ్గించారని అనుకోవాలి. వాతావరణం బాగా లేకపోతే కంపెనీ రేవు మార్చుకోవచ్చు, రేవు వదిలేయవచ్చు. టికెట్ షరతుల్లోనే ఆ మాట ఉంటుంది, మామూలుగా పోర్ట్ చార్జీ వరకే వెనక్కి ఇస్తారు. ఇన్సూరెన్స్ తీసుకునేవాళ్లు బుకింగ్ రోజునే తీసుకోవాలి. తుపానుకు పేరు పెట్టాక కొన్న పాలసీ సాధారణంగా ఆ తుపానుకు వర్తించదు.

ముందే కొనడానికి డబ్బు ఎక్కడి నుంచి తెస్తున్నామన్నది కూడా లెక్కలోకి రావాలి. మన ఊళ్లలో ఇలాంటి ఖర్చులు చాలావరకు చీటీ డబ్బుతోనే. 2 లక్షల చీటీని తొందరపడి 30 వేలు తగ్గించి పాడుకుంటే, ముందే కొన్నందుకు ఓడ కంపెనీ ఇచ్చే తగ్గింపు అక్కడే పోయింది. అలాంటప్పుడు అడ్వాన్స్ వరకే కట్టి, మిగతాది చివరి తేదీకి సర్దుకోవడం నయం. మన ముత్తాతల కాలంలో గోపాలపురం, బారువ, కళింగపట్నం రేవుల్లో స్టీమరెక్కి రంగం (బర్మాలోని రంగూన్) వెళ్లినవాళ్లలో చాలామంది కూలీలను కుదిర్చే మేస్త్రీ ఇచ్చిన అడ్వాన్సుతో వెళ్లి, ఏళ్ల తరబడి ఆ బాకీ తీర్చినవాళ్లు. వాళ్లు కూలి కోసం వెళ్లారు, వేరే దారి లేక చేశారు. సరదా ప్రయాణానికి మనం అప్పు చేయాల్సిన అగత్యం లేదు.

అడ్వాన్స్ కట్టే ముందు ఏజెంట్ దగ్గర మూడు విషయాలు రాతలో తీసుకోవాలి. అడ్వాన్స్ ఏ తేదీ దాకా వెనక్కి వస్తుంది, ఆ తర్వాత ఎంత కోస్తారు, చివరి తేదీలోపు ధర పడితే మనకూ ఆ ధర ఇస్తారా. చవక రకం టికెట్లలో చాలావాటికి అడ్వాన్స్ తిరిగి రాదు. కొంచెం ఎక్కువైనా వెనక్కి వచ్చే రకమే పిల్లలున్నవాళ్లకు మంచిది. దాన్ని చేతిలో పెట్టుకుని తగ్గింపు కోసం ఎదురుచూడొచ్చు, పడితే మార్చమని అడగొచ్చు. ముందు కొనడం, ఆగడం రెండూ ఒకే టికెట్‌లో కుదిరే దారి అదొక్కటే.

నిజంగా ఆగగలిగేవాళ్లు ఎవరంటే పర్లాకిమిడిలో రిటైరైన టీచర్ దంపతులు. ఇద్దరే, బడి గొడవ లేదు, ఏ గదైనా ఫర్వాలేదు, పాస్‌పోర్టు చేతిలో ఉంది. సెలవుల రద్దీ లేని వారం చూసుకుని బయల్దేరగలరు. విశాఖ ట్రిప్పయితే పాస్‌పోర్టు కూడా అక్కర్లేదు, గుర్తింపు కార్డు చాలు. వాళ్లు 60 రోజుల గడువు దాటి కూడా ఆగొచ్చు. మనలో పాస్‌పోర్టు లేనివాళ్లకు సింగపూర్ ఓడ విషయంలో ఆ ఆశ వద్దు. పోలీసు వెరిఫికేషన్, ఆపైన వీసా ముందు తేలాలి. బయల్దేరిన రేవుకే తిరిగి వస్తాం కాబట్టి ఆ వీసా రెండోసారి రానిచ్చేదిగా ఉందో లేదో కూడా చూసుకోవాలి.

ఓడ కంపెనీకీ, విశాఖ పోర్టుకూ ఒక మాట. తూర్పు తీరం ట్రిప్పుల తేదీలు నాలుగు నెలల ముందే ప్రకటించాలి. వాటిలో ఒక్కటైనా జూన్ మొదటి పక్షంలో, బడులు తెరవకముందు పెట్టాలి. అప్పుడు రాయగడలో ఉద్యోగం చేసే అమ్మ ముందుగా సెలవు పెట్టుకోగలదు, బరంపురం దుకాణదారు చీటీని తొందరపడి పాడుకోకుండా మామూలు వాయిదాలోనే తీసుకోగలడు, రైలు బుకింగ్ తెరిచే రోజుకు గది నంబరు చేతిలో ఉంటుంది.